మూడు వారాల మొనగాళ్లు

ఆ రోజుల్లో ఏ మనిషినైనా మూడు వారాల్లో అంచనా వేసి చెప్పేయగలనన్న నమ్మకం నాకు గట్టిగా ఉండేది. (ఆ రోజులంటే ముత్తాతల కాలం కాదు, ఆరేళ్ల కిందటి మాట. అప్పుడు నాకు ఇరవై మూడు. జుట్టు ఇప్పటికన్నా ఎక్కువ, అనుమానాలు ఇప్పటికన్నా తక్కువ.) ఈ నమ్మకం పుట్టుకతో వచ్చింది కాదు. ధర్మవరంలో ఉన్నన్నాళ్లూ నా చదువునే నేను సరిగా అంచనా వేయలేక రెండుసార్లు సప్లిమెంటరీ రాసినవాణ్ని. సౌదీకి వచ్చి, అల్ ఖోబర్‌లో ఒక ఇంజనీరింగు ఆఫీసులో డాక్యుమెంట్ కంట్రోలర్‌గా చేరాక, బేస్‌బాల్ ద్వారా అంటుకుంది. డాక్యుమెంట్ కంట్రోలర్ అంటే మా ఇంట్లోవాళ్లు నేనేదో కంట్రోల్ చేస్తున్నాననే అనుకున్నారు. వచ్చిన ప్రతి కాగితానికీ ఒక నంబరు వేసి, అది ఎక్కడుందో అడిగినవాడికి చెప్పడం నా ఉద్యోగం. కాగితాలే నన్ను కంట్రోల్ చేసేవి.

బేస్‌బాల్‌కీ ధర్మవరానికీ సంబంధం ఏమిటంటే, మా ప్రాజెక్టు పెద్ద ఒక అమెరికన్ ముసలాయన. ఎండకీ నీడకీ, మీటింగుకీ భోజనానికీ ఒకే నీలం టోపీ పెట్టుకునేవాడు కనుక మా తెలుగువాళ్లం ఆయన్ని టోపీ సార్ అనుకునేవాళ్లం. ఏటా అక్కడ బేస్‌బాల్ మొదలవగానే ఆయన ఇక్కడ ఆఫీసులో ఒక ఆట మొదలుపెట్టేవాడు. ఎనిమిది మంది కావాలి. ఒక్కొక్కరూ అమెరికాలో నిజంగా ఆడే ఆటగాళ్లలోంచి కొందరిని ఏరుకుని కాగితం మీద జట్టు కట్టుకోవాలి. వాళ్లు అక్కడ బాగా ఆడితే ఇక్కడ మనకు పాయింట్లు. మూడు వారాలయ్యాక, ఆడనివాళ్లను వదిలేసి వేరేవాళ్లను తెచ్చుకోవచ్చు. ఆ ఏడాది ఏడుగురే తేలడంతో, ఫైలు పట్టుకుని అటుగా పోతున్న నన్ను ఎనిమిదోవాడిగా లాగారు. నాకు క్రికెట్ తప్ప ఏమీ తెలియదు సార్ అన్నాను. రెండింట్లోనూ కర్రతో కొట్టడమే కదా అన్నాడాయన. (కర్రతో కొట్టడమే అర్హతయితే మా హైస్కూలు డ్రిల్లు మాస్టారు ప్రపంచ చాంపియన్ కావాలి.)

ఆటగాళ్ల పేర్లు నోరు తిరగక నేనే పేర్లు పెట్టుకున్నాను. ఒకడు గడ్డం స్వామి. ఒకడు పొట్టి పిడుగు. ఎప్పుడూ ఏదో నములుతూ ఒక బుగ్గ ఉబ్బి ఉండేవాడు బుగ్గల రాయుడు. అక్కడి ఆటలు మనకు తెల్లారేసరికి అయిపోతాయి కనుక పొద్దున ఆఫీసులో టీ కన్నా ముందు స్కోర్లు చూసుకునేవాళ్లం. చేతిలో ఎక్సెల్ ఉన్నవాడు ఊరికే చూస్తూ కూర్చోలేడు. ప్రతి ఆటగాడికీ ఒక వరుస పెట్టి, మంచి అంకెకు పచ్చ రంగు, చెడ్డ అంకెకు ఎరుపు రంగు వేసి ఒక పట్టిక తయారుచేశాను. టోపీ సార్ దాన్ని చూసి, ప్రాజెక్టు రిపోర్టు కూడా నువ్వు ఇంత శుభ్రంగా ఎప్పుడూ చేయలేదన్నాడు. దాన్ని నేను మెప్పుగానే తీసుకున్నాను.

మూడు వారాలకు చూస్తే బుగ్గల రాయుడి వరుసలో ‘వాక్’ అన్న గడిలో అందరికన్నా పెద్ద అంకె ఉంది. క్రికెట్‌లో వాక్ చేయడమంటే, బంతి బ్యాటుకు తాకిందని తనకు తెలిసి, అంపైరు వేలెత్తకముందే తానే మర్యాదగా నడిచి వెళ్లిపోవడం. మూడు వారాల్లో అన్నిసార్లు నడిచి వెళ్లిపోయాడంటే మనిషి మరీ నిజాయితీపరుడు, ఇలాంటివాడితో జట్టు నడవదు అని తీర్మానించి, ఆ గడికి ఎరుపు వేసి, వాణ్ని వదిలేశాను. రెండు నిమిషాల్లో టోపీ సార్ వాణ్ని తన జట్టులో వేసుకున్నాడు. తర్వాత నన్ను కూర్చోబెట్టి చెప్పాడు. బేస్‌బాల్‌లో వాక్ అంటే, బంతి విసిరేవాడు సరైన బంతి వేయలేక నాలుగుసార్లు తప్పితే, కొట్టేవాడు దర్జాగా ముందుకు నడిచి వెళ్లడం. ఎక్కువసార్లు నడిచాడంటే వాడు మొనగాడని అర్థం. “నీ నిజాయితీపరుడు ఇప్పుడు నా దగ్గర పనిచేస్తున్నాడు” అన్నాడు టోపీ సర్దుకుంటూ. ఆఫీసు రెండు రోజులు నవ్వింది.

నలుగురినీ నవ్వించేవాడికి నలుగురూ తన మీద నవ్వితే మహా కష్టంగా ఉంటుంది. నవ్వును ఎటైనా మళ్లించాలి. మమ్మల్ని ఆఫీసుకు తెచ్చే వ్యాన్లు నాలుగు. ఏ వ్యాను ఎన్నింటికి వచ్చిందో గేటు దగ్గర రాసే రిజిస్టరు నెలనెలా నంబరు వేయించుకోడానికి నా దగ్గరికే వస్తుంది. నలుగురు డ్రైవర్లు, మూడు వారాలు, ఎవరు సగటున ఎన్ని నిమిషాలు ఆలస్యం. రంగులు వేసి, పైన ‘ఈ సీజన్ మొనగాళ్లు’ అని పెద్ద అక్షరాలతో పెట్టి, టీ గదిలో గోడకు అంటించాను. అందరికన్నా పైన, పచ్చగా, కొత్తగా వచ్చిన పఠాను కుర్రాడు. అందరికన్నా అడుగున, ఎర్రగా, సగటున తొమ్మిది నిమిషాల ఆలస్యంతో మా వ్యాన్ మామ. (ఆ తొమ్మిది నిమిషాలూ నేను పళ్లు తోముకునే నిమిషాలు. ఆయన వ్యానుకు మా బిల్డింగే మొదటి స్టాపు. పట్టికలో ఆ గడి పెట్టలేదు.)

వ్యాన్ మామది రాయచోటి. వచ్చి ఇరవై రెండేళ్లు. ఆయన అందరినీ అప్పా అనేవాడు, మేమందరం ఆయన్ని మామా అనేవాళ్లం, అంతకుమించి ఆ వ్యానులో ఎవరి కులమతాల ప్రస్తావనా ఉండేది కాదు, ఏసీ ప్రస్తావన తప్ప. టీ గదిలో అందరూ నవ్వుతుంటే ఆయనా వచ్చి, ఇంగ్లీషు రాదు కనుక నన్నే అడిగాడు.

“యాడుందప్పా నా పేరు?”

“ఎర్రగా ఉంది చూడు మామా, అదే.”

“అందరికన్నా అడుగున ఏంటికి పెట్టినావప్పా?”

“అందరినీ మోసేది నువ్వే కదా మామా.”

ఆయన పగలబడి నవ్వాడు. ఫోన్ తీసి పట్టికను ఫొటో తీసి, ఆఫీసులో నా పేరు రంగుల్లో అచ్చేసినారు అని చెప్పి ఇంటికి పంపాడు. నా గదిలోనే ఉండే స్టోరుకీపర్ భీమవరం అన్న మాత్రం నవ్వి, తర్వాత నన్ను పక్కకు పిలిచాడు. “ఒరేయ్, నవ్వడానికి బానే ఉంది గానీ తీసెయ్యెహె. గోడ మీద కాగితం ఎవడు పడితే ఆడు చదూతాడు.” చదవాలనే కదా పెట్టింది అన్నాను. నా జవాబులు అప్పట్లో అంత వేగంగా వచ్చేవి.

ఆ వారంలోనే వ్యాన్ మామకు ఇన్నేళ్లూ కుదరని పని ఒకటి కుదిరింది. భార్యకు విజిట్ వీసా వచ్చింది. ఆమెను మక్కాకు తీసుకువెళ్లి ఉమ్రా యాత్ర చేయించాలని ఆయనకు ఇరవై రెండేళ్ల కోరిక. ఏటేటా ఏదో ఒకటి అడ్డం. ఈసారి పెద్దకూతురు కాన్పయి ఉంది, నలభయ్యో రోజు స్నానం కాగానే ఆమె విమానం ఎక్కుతుంది. వ్యాను ఎక్కినవాళ్లందరికీ ఆయన వీసా కాగితం చూపించాడు. నాకు రెండుసార్లు చూపించాడు. దీనికి నంబరు వేయమంటావా మామా అన్నాను. వెయ్యప్పా అని నిజంగానే ఇచ్చాడు.

పది రోజుల తర్వాత నంబరు కోసం నా బల్ల మీదికి మరో కాగితం వచ్చింది. ఖర్చు తగ్గించాలి, నలుగురు డ్రైవర్లలో ఒకరిని నెలాఖరుకు ఫైనల్ ఎగ్జిట్ మీద, అంటే ఉద్యోగం తీసేసి శాశ్వతంగా సొంత దేశానికి, పంపండి, పేరు చెప్పండి అని హెడ్డాఫీసు. దాని కింద టోపీ సార్ జవాబు, ఒక పేరు. ఆ పేరు ఎందుకో చెప్పడానికి వెనక జతచేసిన కాగితం ఒకటి. రంగుల్లో ఉంది. పైన ‘ఈ సీజన్ మొనగాళ్లు’ అన్న వరుస మాత్రం కత్తిరించేశారు. నా ఉద్యోగం ప్రకారం ఆ ఉత్తరానికి ఒక నంబరు, జతచేసిన కాగితానికి ఒక నంబరు వేయాలి. ఉత్తరానికి వేశాను. రెండోదానికి చెయ్యి రాలేదు.

నేరుగా టోపీ సార్ గదిలోకి వెళ్లి, ఆ తొమ్మిది నిమిషాలూ నావి అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. నేను ఆలస్యంగా దిగుతాను, వ్యాన్ మామ నాకోసం ఆగుతాడు, అందువల్ల తర్వాతి స్టాపులన్నీ ఆలస్యమవుతాయి, రిజిస్టర్లో ఆయన పేరు పడుతుంది అని మొదటినుంచి చెప్పాను. ఆయన టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. ఆయన తల చూడటం అదే మొదటిసారి. నలుగురిలో ఎవరి పేరు రాయాలో తోచక టీ గదికి వెళ్లాననీ, అక్కడ గోడ మీద అది కనబడిందనీ చెప్పాడు. “ఏటా ఏప్రిల్‌లో ఇదే తప్పు చేస్తాను. మూడు వారాల అంకెలు చూసి మంచివాణ్ని వదిలేస్తాను. ఆటలో అయితే మళ్లీ తెచ్చుకోవచ్చు” అన్నాడు. అప్పటికప్పుడే హెడ్డాఫీసుకు ఫోన్ చేశాడు, మెయిలు రాశాడు, మరునాడు మళ్లీ రాశాడు. పేరు సిస్టమ్‌లోకి వెళ్లిపోయింది, వెనక్కి రాదు అన్నారు. చివరికి ఆయన పోట్లాడి తెచ్చింది రెండు వారాల గడువు. నలభయ్యో రోజుకు అది ఇంకా ఒక వారం తక్కువ. సౌదీలో ఉండనిచ్చే ఇకామా కార్డు వ్యాన్ మామకు పోతే, ఆయన భార్య వీసా ఉత్త కాగితం.

ఆ గడువు తేలిన మరునాడు పొద్దున వ్యాను రావడానికి పది నిమిషాల ముందే వెళ్లి మా బిల్డింగు గేటు దగ్గర నిలబడ్డాను. వ్యాన్ మామ బ్రేకు వేసి, అద్దం దించి, నా ముఖం పరీక్షగా చూశాడు.

“ఏమప్పా, ఒళ్లు బాగలేదా?”

ఎక్కి ఆయన పక్క సీట్లో కూర్చున్నాను. రాత్రంతా తయారుచేసుకున్న మాటలన్నీ ఒకేసారి చెప్పేశాను, పట్టిక, గడి, తొమ్మిది నిమిషాలు, టోపీ సార్, ఉత్తరం. వెనక భీమవరం అన్న కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. మామ గేరు మార్చాడు, సిగ్నల్ దగ్గర ఆగాడు, మళ్లీ కదిలాడు.

“ఎరుపు ఏంటికో నాకు తెలీదనుకుంటివా? హారన్ కొడదామని భీమవరమాయన రోజూ అంటాంటే నేనే వద్దంటి, పిల్లోడు ఎదిగే వయసు, నిద్రపోనీలే అని.” ముందున్న లారీని దాటించాడు. “ఎవుర్దో ఒకర్ది పేరు రాయాల్సిందే గదప్పా. ఆ పఠాను పిల్లోడు వచ్చి ఆర్నెల్లు గూడా కాలే. వాని పేరు పడింటే వాడేమైపోవాల?”

పెద్ద కూడలి దాటాక ఆయనే అన్నాడు.

“మా ఆమె కాబా చుట్టూ నడవాల గదా అని, రోజూ పొద్దున మిద్దె మీద నడుస్తాండాది. మోకాళ్లు నొప్పి. అయినా నడుస్తాండాది. ఇంక చాలు, మానుకో అని యెట్ల చెప్పేదో తెలీకుండా ఉండాది.”

జీవితంలో నాకు జోకు తట్టని సందర్భాలు తక్కువ. అది తట్టకపోవడమే కాదు, తట్టనందుకు నాకు హాయిగా అనిపించిన మొదటి సందర్భం. దిగేటప్పుడు ఆయన నన్ను ఆపి, గుర్తు పెట్టుకో అన్నట్టు వేలు చూపించాడు. “కొత్తోడు ఆగడప్పా. పది నిమిషాలు ముందే లెయ్యి.” అంతే. తిట్టలేదు. తిడితే బాగుండేదని నేను చాలాసార్లు అనుకున్నాను. (ఇది కూడా నా సుఖం కోసమే అనుకున్నాననుకుంటా.)

వెళ్లేముందు ఆఖరి శుక్రవారం ఆయన ఒక్కడే మక్కా వెళ్లివచ్చాడు. నేను తోడు వెళ్లగలిగిన ఊరు కాదది, ముస్లిములకే ప్రవేశం. కనుక నాకు తెలిసిందంతా, సామాను కట్టడానికి సాయం వెళ్లినప్పుడు ఆయన చెప్పిందే. ఉమ్రా ముగిశాక అక్కణ్నుంచి ఇంటికి వీడియో కాల్ చేశాడట. నేను నడుస్తా, నువ్వూ నడువు అన్నాడట. ఆయన ఇక్కడ కాబా చుట్టూ జనంలో, ఆమె అక్కడ రాయచోటిలో మిద్దె మీద, ఇద్దరూ చెరో ఫోన్ పట్టుకుని ఏడు చుట్లు మొదలుపెట్టారు. నాలుగో చుట్టులో నెట్‌వర్క్ పోయింది. ఆమె నిలబడలేక నీళ్ల ట్యాంకు పక్కన కూర్చుని ఎదురుచూసింది. మళ్లీ కలిశాక, అయినవి నాలుగు అని ఆయన, మూడే అని ఆమె. అక్కడే, అంత జనంలో, ఇద్దరూ వాదించుకున్నారు. “ఆఖరికి ఆమె లెక్కే ఖాయం చేస్తిమి. ఒకటి ఎక్కువైతే తప్పేముందిలే” అన్నాడు మామ, అట్టపెట్టెకు టేపు అంటిస్తూ. నవ్వాడు. నేనూ నవ్వాను. టేపు కోయడానికి కత్తెర ఎక్కడుందో చాలాసేపు ఇద్దరికీ కనబడలేదు.

ఆయన ఇప్పుడు రాయచోటిలో స్కూలు వ్యాను నడుపుతున్నాడు. అప్పుడప్పుడూ ఫోన్ చేస్తే, మక్కా టూరు వాళ్లతో వచ్చే ఏడాది ఇద్దరం వస్తాం అంటాడు. ఆ మాట వినడం ఇది ఆరో ఏడు. ఆమె మోకాళ్ల సంగతి నేను అడగను, ఆయన చెప్పడు. టోపీ సార్ రిటైరై వాళ్ల దేశం వెళ్లిపోయినా ఆట మాత్రం మానలేదు. ఏటా ఏప్రిల్‌లో మెయిలు వస్తుంది, నేనూ ఒక జట్టు కట్టుకుంటాను. రంగులు వేయను. మూడు వారాలకు అందరూ తమ తమ చెడ్డవాళ్లను వదిలేసి మంచివాళ్లను ఏరుకుంటారు, నేను ఎవర్నీ వదలను, ఏటా ఆఖరి స్థానం నాదే. మూడు వారాల్లో మనుషుల్ని తేల్చేసే ఆ ఇరవై మూడేళ్ల మొనగాడు ఇప్పుడు ఎదురుపడితే, వాడి మీద కోపం రాదు, కాసేపు పక్కన కూర్చోబెట్టుకుని టీ తాగించాలనిపిస్తుంది. పోయిన సీజన్లో నా జట్టులో ఒకడు మే నుంచి ఆగస్టు దాకా చెప్పుకోదగ్గ దెబ్బ ఒక్కటీ కొట్టలేదు. వాణ్నింకా ఎందుకు మోస్తున్నావు, వదిలెయ్ అని టోపీ సార్ మూడుసార్లు రాశాడు. మూడోసారి రాసేసరికి సెప్టెంబరు ఆఖరు, ఇక నాలుగు రోజుల్లో ఆటలు అయిపోతాయి.

తొందరేముంది సార్, సీజన్ ఇప్పుడే కదా మొదలైంది, అని జవాబు రాశాను.