స్వామివారికి నేను చూపిన అడ్డదారి

ఒక దేవుణ్ణి, ఆయన పల్లకిని, మేళగాళ్ళను, చిత్రాన్నం గంపతో సహా మా సుబ్బమ్మత్తను పట్టపగలు నేను చెరువులోకి నడిపించబోయిన కథ ఇది. నీళ్ళున్న చెరువే. కంప్యూటరు గీసిన పటం చేతిలో ఉండగానే. ముందే చెప్పేశాను కాబట్టి తర్వాత నన్నేమీ అనకూడదు.

అప్పట్లో నేను బెంగళూరులో పురావస్తుశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను. బాగేపల్లి నుంచి చింతామణి దాకా పూర్వకాలపు బాటసారులు ఏ దారిన నడిచారో కనిపెట్టడం నా పని. నడవడం మాత్రం నా పని కాదు. ఉపగ్రహం కొలిచిన ఎత్తుపల్లాలను కంప్యూటరుకు ఇస్తే, కాళ్ళకు తక్కువ శ్రమయ్యే దారిని అది ఎర్రగీతగా గీసి పెడుతుంది. ఆ గీత కనబడినప్పుడల్లా, ఆ బాట వేయించిన రాజును నేనేనన్నట్టు మీసం దువ్వుకునేవాణ్ణి. మీసం అప్పటికింకా సరిగా రాలేదు, అది వేరే సంగతి.

గూళూరు పక్కన మా ఊళ్ళో వెంకటరమణస్వామి గుడికి మా పెద్దనాయన అర్చకుడు. గుట్ట అవతలి ఊరు అమ్మవారి పుట్టిల్లు. ఏడాదికోసారి స్వామి అల్లుడి హోదాలో అక్కడికి వెళ్తాడు. ఆయన వచ్చి నైవేద్యం అయ్యేదాకా ఆ ఊళ్ళో ఎవరూ ముద్ద ముట్టరు. ముందటేడు తారురోడ్డు మీద చుట్టూ తిరిగి పోతుంటే ట్రాక్టరు చెడిపోయి, చేరేసరికి పొద్దు వాలింది. ఆకలితో నకనకలాడిన ఆ ఊరి పెద్దమనిషి తేల్చి చెప్పేశాడు.

"వచ్చే తూరి పొద్దు నెత్తి దాటినాక వస్తే, మా పూజ మేమే చేసుకుంటాం సామీ. మీరు వచ్చే పని లేదు."

తాతల నాటి హక్కు చేజారిపోతుందని పెద్దనాయనకు బెంగ పట్టుకుంది. నాకు మాత్రం పండగే. రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే అన్నట్టు, పెద్దనాయనకు కావాల్సిందీ దారే, నా దగ్గర ఉన్నదీ దారే.

"తారురోడ్డు నిన్నమొన్నటిది పెద్దనాయనా. పూర్వం స్వామి పోయిన దారి నేను చూపిస్తా," అన్నాను.

"యాడ ఉండాదప్పా ఆ దారి?"

ల్యాప్‌టాప్ తెరిచాను. ఎర్రగీత గుట్ట పక్కగా దిగి, అరచేయంత చదునైన నేల మీద సూటిగా సాగి, అత్తవారి ఊరి గుడి ముందు ఆగింది. సుబ్బమ్మత్త కళ్ళజోడు సర్దుకుని చూసింది.

"ఆడ చెరువు ఉండాది గదరా రఘూ?"

"చిన్నప్పుడు దాంట్లో క్రికెట్ ఆడినా అత్తా. చుక్క నీళ్ళు చూళ్ళేదు."

"ఈసారి వానలు బాగా పడినాయి."

"వాన పడితే గుట్ట కరిగిపోతాదా? కష్టమైన చోటు వస్తే కంప్యూటరే పక్కకు తిప్పుతాది."

పాఠకులు ఇక్కడ కాస్త ఆగి, నా తరఫున తల కొట్టుకోవచ్చు.

పోయి చూసి రావడం మానేసి, చిక్కబళ్ళాపురం వెళ్ళి పటాన్ని ఫ్లెక్సీ కొట్టించాను. పైన స్వామి, నడుమ ఎర్రగీత, కింద చేతులు కట్టుకుని నేను. స్వామి కంటే నా బొమ్మే కొంచెం పెద్దదిగా వచ్చింది. అది ఫ్లెక్సీ వాడి పొరపాటని ఊరంతా చెప్పుకున్నాను.

స్వామి అత్తవారింటికి బయల్దేరిన రోజు నా ఫ్లెక్సీ ముందు, మేళం వెనక, ఆ వెనక పల్లకి. గుట్ట దిగుతుంటే కాళ్ళకు నిజంగానే శ్రమ తెలియలేదు. "మావాడు చదువుకున్నోడప్పా," అని పెద్దనాయన అందరికీ చెబుతున్నాడు. నా పాదాలు నేల మీద లేవు. మలుపు తిరిగాం. మేళం దానంతటదే ఆగిపోయింది.

ఎదురుగా చెరువు, అవతలి గట్టుదాకా నిండుగా ఉంది. అత్తవారి ఊరి గోపురం అందులో తలకిందులుగా కనబడుతోంది.

"రఘూ, గీత యాడికి పోతాండాది?" అన్నాడు పెద్దనాయన.

"సూటిగానే, పెద్దనాయనా."

"నీళ్ళలోకా?"

"చదునుగా ఉండాది గదా."

"చదునుగానే ఉండాది," అంది సుబ్బమ్మత్త, గంప దించుతూ.

ఎండిన చెరువైనా నిండిన చెరువైనా పైనుంచి చూస్తే చదునే. అంతకంటే చదునైన చోటు ఆ చుట్టుపక్కల లేదు కాబట్టి కంప్యూటరు ముచ్చటపడి అటే గీసింది. కట్ట మీదుగా పోదామంటే, నిండిన చెరువు నీళ్ళు పొర్లిపోయే మరవ ఉధృతంగా పారుతోంది. వెనక్కి పోయి తారురోడ్డు పట్టుకుంటే సాయంత్రమవుతుంది. పెద్దనాయన పల్లకి కొమ్ము పట్టుకుని, "మా నాయన నా చేతిలో పెట్టిన పూజప్పా ఇది," అన్నాడు మెల్లగా. తిట్టినా బాగుండేది. నాకు ఏడుపొచ్చింది, చెరువులో ఉన్న నీళ్ళు చాలనట్టు.

గట్టున వల బాగుచేసుకుంటున్న గంగప్ప లేచి వచ్చాడు.

"నా పుట్టి ఉండాది సామీ. కానీ పొద్దున దాకా దాంట్లో చేపలే. వాసన."

అందరూ పెద్దనాయన వైపు చూశారు. ఆయన సూర్యుణ్ణి చూశాడు. గట్టున తేలుతున్న బుట్టలాంటి గుండ్రటి ఆ పుట్టిని చూశాడు. మళ్ళీ సూర్యుణ్ణి చూశాడు.

"స్వామి మొదటి అవతారమే చేప. ఆయనకు లేని పట్టింపు మనకెందుకు? ఎక్కించండి."

"కింద ఏమన్నా పరచాల గదా సామీ."

అందరి కళ్ళూ నా ఫ్లెక్సీ మీద పడ్డాయి.

స్వామి సరిగ్గా ఎర్రగీత మీద కూర్చున్నాడు. పెద్దనాయన నా ముఖం మీద కూర్చున్నాడు. ఈత రాని నేను గొడుగు పట్టుకుని, పుట్టి గిర్రున తిరిగినప్పుడల్లా "గోవిందా" అని అరిచాను. అంత మనసు పెట్టి అంతకుముందెప్పుడూ దేవుణ్ణి తలుచుకోలేదు.

అవతలి గట్టున ఆకలితో కాచుకున్న జనం, నీళ్ళ మీద తిరుగుతూ వస్తున్న అల్లుణ్ణి చూసి, తెప్పోత్సవమనుకుని హారతులతో పరుగెత్తుకొచ్చారు. పొద్దు ఇంకా నెత్తి దాటలేదు. పెద్దమనిషి పెద్దనాయన చేతులు పట్టుకున్నాడు.

"ఇంత వైభవంగా చేస్తాండారని ఒక మాట చెప్పకూడదా సామీ? ఇంక ఏటేటా ఇట్లే రావాల."

పెద్దనాయన నా వైపు చూడకుండా, "అట్లే కానీ," అన్నాడు.

పూజ మిగిలింది. నేనూ బతికిపోయాననే అనుకున్నాను. కానీ కొన్నాళ్ళకు చెరువు మళ్ళీ ఎండింది. తారురోడ్డున వస్తామని కబురంపితే అత్తవారి ఊరు ఒప్పుకోలేదు. "అల్లుడు పుట్టిలోనే రావాల. ఆచారమంటే ఆచారమే."

అందుకని స్వామిని పుట్టిలో కూర్చోబెట్టి, ఆ పుట్టిని భుజాలకెత్తుకుని ఎండిన చెరువులో నడిచాం. ముందువైపు కుడి భుజం నాది. అది పెద్దనాయన వేసిన శిక్ష. దారి మాత్రం నా ఎర్రగీతే, ఎక్కడా ఎత్తూ పల్లం లేదు.

నడుమలో ల్యాప్‌టాప్ సంచీతో ఒక అమ్మాయి ఎదురైంది. పాతకాలపు దారుల మీద పరిశోధన చేస్తోందట.

"నీళ్ళు లేని చెరువులో పుట్టి ఎందుకు మోస్తాండారు తాతా?"

"పూర్వం నుంచీ స్వామి పోయేది నీళ్ళ దారినేనమ్మా. మా తాతల నాటి ఆచారం," అన్నాడు పెద్దనాయన, రెప్ప వేయకుండా.

ఆమె గబగబా రాసుకుని నా వైపు తిరిగింది. "నిజమేనా అన్నా?"

పెద్దనాయన కూడా నా వైపు తిరిగాడు. భుజం మీద బరువు ఒక్కసారిగా పెరిగింది.

"నిజమేనమ్మా," అన్నాను.

కాబట్టి వెంకటరమణస్వామి సాక్షిగా, కమిలిపోయిన ఈ కుడి భుజం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. కాలు పెట్టి తడి చూడకుండా ఇకమీదట ఏ పాతదారీ గీయను. ఫ్లెక్సీలో నా బొమ్మ వేయించుకోను. ఆ అమ్మాయి పటంలో మా చెరువు మీదుగా ప్రాచీన జలమార్గమని నీలిగీత కనిపిస్తే, స్వామి మీద ఒట్టు, మీరూ నోరెత్తకూడదు.