మూడో తువ్వాలు

మా బావగారు పోయారన్న కబురు నాకు ఎవరూ నోటితో చెప్పలేదు. నాలుగింటికి టీ ఫ్లాస్కు పట్టుకుని తోటలోకి వెళ్లిన మా ఆయన కాసేపటికే పరుగున వెనక్కొచ్చాడు. నా వైపు చూడకుండా దండెం మీద ఆరేసిన తెల్ల తువ్వాలు లాక్కుని మళ్లీ తోటలోకి పరిగెత్తాడు. ముఖం మీద కప్పడానికని తర్వాత తెలిసింది. కానీ మా ఇంట్లో తెల్ల తువ్వాలుకు ఇరవై ఏళ్లుగా ఒకటే అర్థం. ఓడిపోయాం అని. నేను పొయ్యి ఆపేసి గడపలో కూర్చుండిపోయాను.

బావగారంటే మా ఆయనకు అన్న. మాది అశ్వారావుపేట అవతల అడవిని ఆనుకున్న పొలం. మా మామగారు ఎప్పుడో కృష్ణా వైపు నుంచి వచ్చి కొన్నారు. అన్నదమ్ములిద్దరూ ఇక్కడే పుట్టారు కాబట్టి వాళ్ల మాట ఇక్కడి మాటే, పద్ధతులు మాత్రం అక్కడివి. తమ్ముడి భార్య బావగారి ఎదుటపడి మాట్లాడకూడదు, ఆయనా ఆమెను నేరుగా పలకరించకూడదు. జూలూరుపాడులో మా పుట్టింట్లో అక్కల మొగుళ్లతో పరాచికాలాడుతూ పెరిగినదాన్ని, నాకిదంతా మొదట్లో నవ్వులాటగా ఉండేది. ఆయనకు మంచినీళ్లు కావాలంటే వాకిట్లో కుక్కతో చెప్పేవారు. "నీళ్లు తెమ్మని చెప్పరాదురా." నేను తెచ్చి అరుగు మీద పెట్టి, నేనూ కుక్కతోనే అనేదాన్ని, "కూరలో ఉప్పు సరిపోయిందో లేదో అడుగు" అని. పాతికేళ్లలో మూడు కుక్కలు మారాయి. మా ఇంటి సంగతులు వాటికి తెలిసినంతగా మా చుట్టాలకు కూడా తెలియవు.

ఆయనకు పిల్లల్లేరు. పెళ్లయిన రెండో ఏడే భార్య పోయింది. నేను ఆమెను చూడలేదు. జ్వరం ముదిరితే ఖమ్మం దవాఖానాలో చేర్చారట. పది రోజులు గండంగా గడిచి, పదకొండో రోజు ఆమె లేచి కూర్చుని ఇడ్లీ తిన్నదట. "రేపు ఇంటికి తీసుకుపోవచ్చు" అన్నారట డాక్టర్లు. బావగారు ఆ సాయంత్రమే బజారుకెళ్లి ఆమెకు చీర కొన్నారు. తెల్లారేసరికి ఆమె లేదు. మా ఆయన ఈ సంగతి నాకు ఒక్కసారే చెప్పాడు, మళ్లీ ఎత్తలేదు. బావగారి క్రికెట్టు అర్థం కావాలంటే మీకూ ఇది తెలియాలి కాబట్టి చెబుతున్నాను.

ఆయనకు టెస్టు మ్యాచ్‌లంటే ప్రాణం. వన్డేలను "గవి ఉరుకులాటలు" అని కొట్టిపడేసేవారు. మనవాళ్లు ఓడిపోతుంటే రేడియో ముందు కాళ్లు చాపుకుని, పల్లీలు ఒలుచుకుంటూ నిమ్మళంగా వినేవారు. గెలుపు దగ్గరికొస్తోందంటే మాత్రం ముఖం పాలిపోయేది. లేచి చెప్పులేసుకుని పొలం చివరకు నడిచేవారు. అక్కడ ఫారెస్టు వాళ్ల హద్దురాయి ఉంది. అడవి వైపు వీపు పెట్టి, ఇంటి వైపు చూస్తూ దాని మీద కూర్చునేవారు. ఎందుకట్లా అని మా ఆయన అడిగితే ఒకసారి అన్నారట, "ఓడేటప్పుడు భయమెందుకుంటదిరా, పోయేది పోనే పోయింది. గెలిచేటప్పుడే పానం గిలగిల కొట్టుకుంటది." దేశమంతా చెప్పుకునే గెలుపుల్లో ఒక్కదాని ఆఖరి బంతి కూడా ఆయన చూడలేదు, వినలేదు. అన్నీ నా తువ్వాళ్లలోనే చూశారు.

మొదటిది చెన్నై. నేను కాపురానికొచ్చిన తొలి ఎండాకాలం. ఆస్ట్రేలియా వాళ్లు ఎదురొచ్చిన జట్టునల్లా ఓడించుకుంటూ మన దేశానికొచ్చారు. కలకత్తాలో మనవాళ్లు ఫాలోఆన్ ఆడి కూడా గెలిచారు. ఇక సిరీస్ చెన్నైలో తేలాలి. మా ఆయన మిర్చి బస్తాలతో ఖమ్మం యార్డుకు పోయాడు. వికెట్లు ఒక్కొక్కటే పడుతుంటే కాదు, గెలవడానికి ఇంకొంచెమే ఉందని తెలిశాక బావగారు లేచి వెళ్లిపోయారు. ఎనిమిదో వికెట్ పడేసరికి ఇంకా నాలుగు పరుగులు కావాలి. గెలిచాం అనగానే పిచ్చిదానిలా వాకిట్లోకి పరిగెత్తాను. దూరంగా రాయి మీద ఆయన. కొత్త కోడల్ని, బావగారిని కేకేయడమా! దగ్గరికెళ్లి చెప్పడం అంతకన్నా కుదరదు. కుక్కను పంపుదామంటే అది మిరపఘాటుకు తుమ్ముకుంటూ ఎటో పోయింది. చేతికందిన ఎర్ర తువ్వాలు ఊపాను. ఆయన కదల్లేదు. నా వెనక కల్లం నిండా మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి, ఎరుపులో ఎరుపు ఏం కనబడుతుంది! అప్పుడు బుద్ధి వచ్చి, తువ్వాలు వెదురు గెడకు కట్టి పైకెత్తాను. ఆయన లేచి నిలబడ్డారు.

ఇంటికొచ్చి మెట్టు దగ్గర ఆగి కుక్కను పిలిచారు. "ఎన్ని వికెట్లతోని గెలిచిన్రో అడుగు." "రెండు" అని కుక్కతో చెప్పాను. "అవ్, మరి టీ పెట్టమను" అన్నారు.

కొన్నేళ్లకు అదే జట్టు మన గడ్డ మీదే మనల్ని ఓడించి సిరీస్ పట్టుకుపోయింది. ఓటమికి గుర్తేమిటో మాకు తెలియదు కాబట్టి నేనేమీ కట్టలేదు. గెలుస్తారేమోనని ముందే లేచి వెళ్లిన ఆయన పొద్దు కుంకేదాకా ఆ రాయి మీదే కూర్చున్నారు. మర్నాడు మా ఆయనతో కబురు చేశారు. "ఓడితే తెల్లది కట్టమను. ఏదో ఒకటి తెలువాలె. ఏం కట్టకుంటే అడవి మీదిమీదికొస్తున్నట్టు ఉంటది." అప్పటినుంచి రెండు తువ్వాళ్లు, రెండే అర్థాలు.

తర్వాత మేమూ అందరిలాగే మిర్చి మానేసి పామాయిల్ వేశాం. మొక్కలు చిన్నగా ఉన్నన్నాళ్లు బాగానే ఉంది. అవి ఎదిగి మట్టలు కలిశాక తోటలో మధ్యాహ్నమే మసకగా ఉండేది. రాలిన మట్టల కింద ఏం కదులుతోందో చూసి అడుగు వేయాలి. ఆ చివర నుంచి ఇంటి వాకిలి కనబడటం మానేసింది. నేను గెలలు కోసే పొడుగు గెడకు తువ్వాలు కట్టి డాబా మీద నిలబెట్టడం మొదలుపెట్టాను. "రాయి మార్చుకోమనండి, ఇటు దగ్గరగా కూర్చోవచ్చుగా" అని మా ఆయనతో అంటే, జవాబు కుక్క ద్వారా వచ్చింది. "హద్దు మనం జరిపితే జరుగుతదా?" అని.

ఆ గెడ మీద ఎగిరిన వాటిలో గొప్పది బ్రిస్బేన్‌ది. ఆ సిరీస్ మొదటి టెస్టులో మనవాళ్లు ముప్పై ఆరు పరుగులకే కుప్పకూలారు. ఊరంతా టీవీలు కట్టేసి తిట్టుకుంటుంటే బావగారొక్కరే హాయిగా పల్లీలు ఒలిచారు. "ఇగ పోయేదేం లేదు. ఇప్పుడాడుతరు సూడు." ఆడారు. సగం మంది దెబ్బలు తగిలి కూర్చుంటే కొత్త పిల్లలతో ఆడి, ఆస్ట్రేలియా వాళ్లు ఎన్నో ఏళ్లుగా ఓడని మైదానంలో సిరీస్ గెలిచారు. ఆ మధ్యాహ్నం ఆయన తోటలోంచి రావడం నేను డాబా మీంచి చూశాను. మసకలోంచి వెలుగులోకి అడుగు పెట్టగానే తలెత్తి ఎర్ర తువ్వాలును ఇంకోసారి చూసి, చేతులు రెండూ నెత్తిన పెట్టుకుని నిలబడిపోయారు. నాకు కళ్లనిండా నీళ్లొచ్చాయి. ఆయన సంతోషపడ్డప్పుడు కూడా ఏదో ముంచుకొస్తున్నట్టే చూసేవారు.

ఈ ఎండాకాలంలో ఆయనకు ఛాతీలో నొప్పి వచ్చింది. ఖమ్మం తీసుకెళ్తే గుండెకు పోయే నరాలు మూడుచోట్ల పూడుకుపోయాయన్నారు. ఆపరేషన్ చేస్తే ఢోకా లేదన్నారు. ఆ 'ఢోకా లేదు' అన్న మాటకే ఆయన బెదిరిపోయారు. బతకడం కష్టమని చెప్పి ఉంటే నిమ్మళంగా చేయించుకునేవారేమో. మందులు తీసుకుని ఇంటికొచ్చేశారు. మా ఆయన బతిమాలాడు, కోప్పడ్డాడు, అన్నం మానేశాడు. చివరికి, ఇంగ్లండ్‌లో సిరీస్ మొదలవబోతుండగా, బావగారు వాకిట్లో నిలబడి వంటింటికి వినబడేటట్టు అన్నారు, "ఈ సిరీస్ గెలిస్తే పోత. ఎర్రది కనబడ్డ తెల్లారే బండి మాట్లాడు."

ఆ అయిదు టెస్టులూ మా ఇంట్లో ఎవరికీ తిండి సయించలేదు. మూడు అయ్యేసరికి మనవాళ్లు ఒకటి గెలిచి రెండు ఓడారు. నాలుగోది డ్రా. ఇక సిరీస్ గెలవడమన్నది లేదు, ఆఖరిది గెలిస్తే సమం అవుతుందంతే. "మరి సమమైతే పోతవా అన్నా?" అని మా ఆయన అడిగితే బావగారు చెప్పులు వెతుక్కున్నారు.

ఆఖరి రోజు ఇంగ్లండ్‌కు ముప్పై అయిదు పరుగులు కావాలి, మనకు నాలుగు వికెట్లు. మన టైము ప్రకారం మూడున్నరకు ఆట. ఆయన మూడింటికే తోటలోకి నడిచారు. మబ్బు పట్టి ఉంది, ఎక్కడో అడవిలో నెమళ్లు ఒకటే అరుపు. మొదటి రెండు బంతులూ ఫోర్లు పోయాయి. తెల్ల తువ్వాలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. తర్వాత వికెట్లు పడ్డాయి. చివర్లో భుజానికి కట్టు కట్టుకున్న వాళ్ల ఆటగాడొకడు ఒంటిచేత్తో ఆడటానికి దిగాడు. ఆరంటే ఆరు పరుగుల తేడాతో మనవాళ్లు గెలిచారు.

మా ఆయన గెలల ట్రాక్టరుతో ఫ్యాక్టరీ దగ్గర ఉన్నాడు. ఫోన్ చేశాను.

"ఎర్రదే కట్టు" అన్నాడు.

"సిరీస్ గెలవలేదుగా. ఆయనన్నది సిరీస్ కదా."

"ఇంతకుముందు ఆఖరు మ్యాచ్ గెలిచి సమం చేసిన్రంటే ఎర్రదే కట్టినవు గదనే! గిప్పుడేమైంది నీకు? జల్దీ కట్టు."

నిజమే, కట్టాను. కానీ అప్పుడు దాని మీద ఒక మనిషి ప్రాణం లేదు. ఇన్నేళ్లలో నేను ఆయనతో ఆడిన మాటంటూ ఉంటే అది ఆ గుడ్డముక్కే, అందులో ఒక్కసారి కూడా అబద్ధం చెప్పలేదు. ఎర్రది చూసి ఆపరేషన్‌కు వెళ్లి, బల్ల మీద ఏదైనా అయితే? తెల్లది కట్టడానికి చేతులు రాలేదు. డాబా మీద ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. చివరికి రెండూ కలిపి కట్టి గెడ ఎత్తాను.

ఆయన చాలాసేపటికి వచ్చారు. కుక్క ఎదురెళ్తే దాన్ని దాటుకుని వచ్చి, డాబా కింద నిలబడి తలెత్తి నన్నే చూశారు.

"ఏందమ్మా ఇది?"

పాతికేళ్లలో ఆయన నన్ను పిలిచిన మొదటి మాట. నేనూ కుక్క కోసం వెతకలేదు.

"మ్యాచ్ గెలిచారు బావగారూ. సిరీస్ సమం. ఏది తీసెయ్యమంటారో మీరే చెప్పండి."

ఆయన రెండు తువ్వాళ్లనూ మార్చి మార్చి చూశారు. గాలి లేదు, రెండూ ఒకదానికొకటి చుట్టుకుని వేలాడుతున్నాయి. "సమమైతే ఏమున్నదమ్మా, ఎక్కడోళ్లు అక్కడ్నే" అన్నారు మెల్లగా. "రెండూ తీసెయ్యి. వాన వచ్చేటట్టుంది."

ఖమ్మం వెళ్లలేదు. మా ఆయన నన్ను ఒక్కమాట అనలేదు, అదే నాకు ఎక్కువ బాధ. వారం తర్వాత బావగారు అశ్వారావుపేట సంతకెళ్లి ఆకుపచ్చ తువ్వాలు ఒకటి కొనుక్కొచ్చి తమ్ముడి చేతికిచ్చారు. "ఇగ సమమైతే ఇది కట్టమను. పాపం ఆమెను పరేషాన్ చేసిన." నేను దాన్ని మడత విప్పకుండా బీరువాలో పెట్టాను. నెలన్నర తిరక్కుండానే, ఏ మ్యాచూ లేని రోజున, ఆయన ఆ హద్దురాయి మీద కూర్చుని కూర్చునే ఒరిగిపోయారు.

ఎర్రది కట్టాల్సింది. ఇప్పుడు నాకు తెలుసు. గెలుపు దగ్గరికొస్తే పారిపోయే మనిషి, ఆ రోజు పారిపోకుండా ఉండటానికి ఎవరైనా గెలిచావని చెబితే బాగుండునని కూర్చున్నారు. చెప్పాల్సినదాన్ని నేను, లెక్క సరిచూసుకుంటూ డాబా మీద నిలబడ్డాను.

పెద్దకర్మ అయిన మర్నాడు బీరువాలోంచి ఆ మూడో తువ్వాలు తీసి గెడకు కట్టి డాబా మీద నిలబెట్టాను. ఎందుకని అడిగితే చెప్పలేను. తర్వాత ఒక్కదాన్నే తోటలోంచి నడిచి ఆ చివరకు వెళ్లాను. ఇన్నేళ్లలో నేనెప్పుడూ అక్కడ కూర్చోలేదు. రాయి చల్లగా ఉంది. వెనక అడవిలో ఎండుటాకుల మీద ఏదో నడిచి ఆగింది. తిరిగి చూడకుండా, ఆయనలాగే అడవికి వీపు పెట్టి ఇంటి వైపు చూశాను. మట్టల సందులోంచి గెడ కనబడుతోంది. దాని కొసన ఆకుపచ్చ గుడ్డ ఎక్కడుందో ఎంత వెతికినా ఆకుల్లో తేలలేదు. ఏమీ కట్టనట్టే ఉంది.