నీళ్లు తాగితేనే డబ్బా

మొన్న కర్నూలులో నా చేతికి ఒక నీళ్ల సీసా ఇచ్చారు. ఎండలో నిలిపిన ఆటోలో ఉండి ఉండి కాగిపోయిన ప్లాస్టిక్ సీసా. ఒక గుక్క తాగానో లేదో నోరంతా ప్లాస్టిక్ రుచి. నలుగురిలో ఉమ్మెయ్యలేక మింగాను. నేను చదివిన డిగ్రీ కాలేజీ వాళ్లు పాత విద్యార్థులను పిలిచి 'చారిత్రక నడక' అని ఒకటి పెట్టారు. కొండారెడ్డి బురుజు దగ్గర మొదలుపెట్టి పాతబస్తీ అంతా తిరగాలి. గోడలకు అక్కడక్కడా నలుపు తెలుపు గళ్ల బొమ్మలు అంటించారు. ఫోను పెట్టి చూస్తే పొడుపు ప్రశ్న వస్తుంది, జవాబు నొక్కితే తర్వాతి చోటు తెలుస్తుంది. దారిలో ఎవరినీ ఏమీ అడగనక్కర్లేదని మైకులో గొప్పగా చెప్పారు. ఈ ఆలోచన మొదటినుంచీ యాజమాన్యానిదేనని కూడా చెప్పారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఈ ఊళ్లో ఈ ఆట మొదలుపెట్టిన మనిషి రూతమ్మ మేడం. ఆ పేరు మైకులో ఒక్కసారైనా వినబడలేదు.

రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజుల్లో మేడం మాకు చరిత్ర చెప్పేవారు. బద్వేలు దగ్గర పల్లె ఆమెది. తాత కాలం నుంచీ చర్చికి పోయే కుటుంబం, కాస్త మెట్ట పొలం. ఉద్యోగం పర్మినెంటు కాదు, ఏటికేడు పొడిగిస్తే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. నేనూ బద్వేలు పిల్లనే. మా నాన్నకు బజారులో నూనె అంగడి ఉండేది. మేడంకు నా మీద కొంచెం చనువు ఎక్కువ, అందువల్ల తిట్లు కూడా నాకే ఎక్కువ. ఒకరోజు క్లాసులోకి వస్తూనే, విదేశాల్లో జనం డబ్బాలు దాచిపెట్టి, ఉపగ్రహాలతో పనిచేసే చిన్న మిషను చేతబట్టుకుని వాటిని వెతుక్కుంటారని చెప్పారు. మనమూ ఆడదామంటే మిషను ఏదని ఎవరో అడిగారు.

"ఆ మిషను మనకు యాడుండాది? లేకపోతే పాయె. అడిగేదానికి నోళ్లుండాయి గదా" అన్నారు మేడం.

అలా మొదలైంది. బిస్కెట్ డబ్బాలు తెచ్చి, ఒక్కో దాంట్లో తర్వాతి ప్రశ్న రాసిన చీటీ పెట్టారు. అయితే వాటిని గోడ సందుల్లోనో చెట్టు తొర్రల్లోనో దాచలేదు. ఊళ్లో మనుషుల ఇళ్లల్లో ఇచ్చి ఉంచారు. ప్రశ్నకు జవాబు ఏ రాతి మీదా ఉండదు, ఒక మనిషి దగ్గర ఉంటుంది. ఆ మనిషిని వెతికి పట్టుకోవాలి, వాళ్లిచ్చిన నీళ్లు తాగాలి, కూర్చుని వాళ్లు చెప్పింది వినాలి, అప్పుడు డబ్బా ఇస్తారు. నీళ్ల షరతు ఎందుకని నేనే అడిగాను.

"మన సీమలో ఇంటికొచ్చినోళ్లకు ముందు ఇచ్చేది నీళ్లే. అవి వద్దని, వాళ్ల కథ మాత్రం తీసుకోనొస్తే దొంగతనం గాదా పాపా?" అన్నారు.

మొదటి చీటీ నాకు ఇప్పటికీ గుర్తే. 'గుడ్డ ఇంట్లో గవర్నమెంటు నడిచింది. గుడ్డ చిరిగితే కుట్టిందెవరు?' కర్నూలు రాజధానిగా ఉన్న కొన్నేళ్లు ఆఫీసులు గుడారాల్లో నడిచాయని పాఠంలో చదివినదే. కానీ కుట్టినవాళ్ల పేరు పాఠంలో ఎందుకుంటుంది? బురుజు చుట్టూ రాళ్లు తడుముతూ తిరిగి, చివరికి సిగ్గు వదిలి అంగళ్లలో అడగడం మొదలుపెట్టాం. పాతబస్తీలో కుట్టుమిషను ముందు కూర్చున్న ఖాదర్ సాబు దగ్గరికి పంపారు. ప్రశ్న చదివి వినిపిస్తే ఆయన గడ్డం నిమురుకుంటూ నవ్వారు.

"మా అబ్బా కుట్నాడమ్మా. చిరిగితే బిళ్లబంట్రోతులు ఈడికే మోసుకొచ్చేటోళ్లు. నేను సూదిలోకి దారం ఎక్కిస్తాంటి. తొలుత నీళ్లు తాగండి, డబ్బా యాడికీ పోదు."

కుండలోంచి ముంచిన నీళ్లు, తడి మట్టి వాసన. మా ఇంట్లో సాయిబులొస్తే వేరే గ్లాసు ఉండేది, గూట్లో బోర్లించి. ఆ గ్లాసు గుర్తొచ్చి నాకు మా ఇంటి మీదే కోపమొచ్చింది. నీళ్లు గటగటా తాగేశాను.

రెండో ప్రశ్న, కోట రాళ్లు నడిచి ఎక్కడికి పోయాయని. పడిపోయిన కోట గోడల రాళ్లు ఊరి ఇళ్లల్లో చేరాయి కదా, అలాంటి ఒక రాయి సుంకమ్మ ఇంటి గడప అయింది, తొక్కీ తొక్కీ మధ్యలో పల్లంగా అరిగింది. సుంకమ్మ కోసిగి నుంచి కరువుకు వలస వచ్చి, హంద్రీ ఒడ్డున దళితవాడలో ఇల్లు కట్టుకున్న కూలీ మనిషి. ఆ రోజు మేడం మా వెంటే ఉన్నారు. కాలేజీ సెక్రటరీ గారి అబ్బాయి కూడా వచ్చాడు, మా క్లాసే. సుంకమ్మ అందరికీ చెంబుతో ముంచి గ్లాసుల్లో నీళ్లిచ్చింది. అతను గ్లాసు అందుకుని, ఆ గడప ముందే పారబోశాడు. పైగా కొంచెం నవ్వాడు కూడా.

సుంకమ్మ అరవలేదు. తడిసిన మన్ను వైపు చూసింది. "పారబోసేదానికిస్తినా నాయనా? కొళాయి కాడ పొద్దన్నుంచి నిలబడి తెచ్చుకున్న నీళ్లు అవి. వద్దంటే కడవలోనే పోసుకుంటాంటి గదా" అంది.

 మేడం కొంగు నడుముకు దోపి, సుంకమ్మ ఖాళీ బిందె ఒకటి తీసుకుని వీధి కొళాయి దగ్గరికి పోయి వరసలో నిలబడ్డారు. "మేడమ్మా, నీకెందుకిది" అని సుంకమ్మ వెంటబడి బతిమాలింది. "నా పిల్లోడు పారబోసిండేది, నేను తెచ్చియ్యాల్సిందే" అన్నారు. మేమూ పోయి వెనక నిలబడ్డాం. బిందె నిండాక చంకనెత్తుకుని ఆ వీధంతా నడిచొచ్చారు. అతను మాత్రం అప్పటికే వెళ్లిపోయాడు.

వారం తిరక్కుండా కమిటీ గదికి పిలుపు వచ్చింది. పిల్లల చేత ఎక్కడపడితే అక్కడ నీళ్లు తాగిస్తోందనీ, లెక్చరరై ఉండి వాడలో బిందె మోసి కాలేజీ పరువు తీసిందనీ మేడం మీద ఫిర్యాదు. సాక్ష్యానికి నన్ను పిలిచారు. వాళ్ల లెక్కలో నేను అంగడోళ్ల పిల్లను, వాళ్లకు కావలసిన మాట చెబుతాను.

"నిన్ను బలవంతంగా తాగించింది కదమ్మా?" అన్నారు సెక్రటరీ గారు మెత్తగా.

"లేదు సార్. దప్పికైంది, తాగినాను."

ఆయన నా వైపు మళ్లీ చూడలేదు. "చూడండి మేడం, ఆట మానమనడం లేదు. నీళ్ల షరతు తీసేసి డబ్బాలు గోడల్లో పెట్టుకోండి. తాగడానికి వాటర్ ప్యాకెట్లు మేమే ఇప్పిస్తాం."

"గోడలో పెడితే డబ్బా దొరుకుతుంది సార్, ఊరు దొరకదు. ఆ షరతు తీసేస్తే ఇంక ఆడేదేముండాది?" అన్నారు మేడం.  ఆ నెల జీతంతోనే ఇంటి అద్దె కట్టాలని ఆ గదిలో నాకొక్కదానికే తెలుసు.

మరుసటి ఏడు టైమ్‌టేబుల్లో ఆమె పేరు లేదు. కారణం ఎవరూ చెప్పలేదు, ఆమె అడగనూ లేదు. బద్వేలులో ఒక చిన్న బడిలో చేరారని తెలిసి సెలవుల్లో వెతుక్కుంటూ పోయాను. గుమ్మంలోనే, వాళ్లు మనుషులా పశువులా అని మొదలుపెట్టాను.

"ముందు నీళ్లు తాగు మంజులా. తర్వాత తిడుదువుగాని" అని గ్లాసిచ్చారు. తాగాక మెల్లగా అన్నారు. "నాకూ శానా కోపముండాది. పోగొట్టుకోవాకు దాన్ని. ఊరికే అరిచి అవజేసుకోవాకు, అంతే."

మేడం చనిపోయి కొన్నేళ్లయింది. మొన్న ఆ నడకలో చివరి మజిలీకి చేరాక చూశాను. బురుజు పక్క కొత్త పార్కులో, గ్రానైటు దిమ్మె మీద సుంకమ్మ గడప రాయి. మధ్యలో అరిగిన ఆ పల్లాన్ని నేను గుర్తుపట్టకుండా ఎలా ఉంటాను? 'కోట రాయి' అని పలక, కింద దాత పేరు. నీళ్లు పారబోసినవాడే, ఇప్పుడు కాలేజీ సెక్రటరీ. ఆయన నవ్వుతూ వచ్చి, "మంజులగారూ, పాత విద్యార్థుల తరఫున రెండు మాటలు" అని మైకు ఇచ్చాడు.

"ఈ రాయి ఎవరింటి గడప?" అన్నాను మైకులోనే.

"పాతబస్తీలో ఎక్కడో దొరికిందండీ."

"దొరకలేదు. సుంకమ్మ ఇంటిది. మీకు దారి తెలుసు, మీరొకసారి అక్కడ నీళ్లు పారబోశారు. మాకు ఆ ఇల్లు చూపించింది రూతమ్మ మేడం. ఈ ఆట ఆమెది."

ఎవరో మైకు తీగ పీకేశారు. అయినా ముందు వరసల్లో ఉన్నవాళ్లు విన్నారు. నేను సీసాను ఆ పలక ముందు పెట్టి, హంద్రీ వైపు నడిచాను. మేడం దగ్గర నేర్చుకున్నాక ఏ ఊరికి పోయినా నీళ్లు వెంట తీసుకుపోను. దప్పికైతే ఎవరింటి ముందైనా నిలబడి అడుగుతాను.

సుంకమ్మ ఇప్పుడు లేదు. కోడలు ఉంది. గడప ఉండాల్సిన చోట సిమెంటు పూసి ఉంది. వీధి బాగుచేస్తామని వచ్చి రాయి పెకలించుకుపోయారని, ఎందుకో ఎవరూ చెప్పలేదని ఆమె తర్వాత చెప్పింది. ముందు గుమ్మంలో నన్ను చూసి, "ఎవురు కావల్ల అక్కా?" అంది.

"దప్పికైతాంది. కొన్ని నీళ్లియ్యమ్మా."

ఆమె నన్ను ఎగాదిగా చూసి, లోపలికి జరిగింది. "ఎండలో నిలబడినావే, లోపలికి రా. కూచో. కడవలో నీళ్లు సల్లగుండాయి."