బెత్తెడు గాలి

డ్రైవరక్క కారులో పక్క సీటు ఖాళీగానే ఉండేది, కానీ అందులో ఎవరూ కూర్చునేవారు కాదు. వెనక ముగ్గురు ఇరుక్కుని, సంచులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవారు గానీ ఆ ముందు తలుపు మీద చెయ్యి వేసేవారు కాదు. ఆ తలుపు అద్దం ఎప్పుడూ బెత్తెడు దిగి ఉండేది. ఎండాకాలం అందులోంచి దుమ్ము వచ్చేది, వానాకాలం జల్లు వచ్చేది. ఆ సందుకి అడ్డంగా లోపల ఒక పాత తువ్వాలు కట్టి, పొద్దున్నే దాన్ని పిండి ఆరేసి, సీటు తుడిచి, అప్పుడు బండి తీసేది.

"ఆ అద్దం బాగుచేయించరాదా అక్కా?" అని మొదట్లో ఒకసారి అడిగాను.

"అది చెడిపోలేదు తమ్ముడూ," అంది.

ఆ కారులో రోజూ ఆఫీసుకు వెళ్ళేవాణ్ణి. మిగతా కథ చెప్పడానికి ఆమెకు చాలాకాలం పట్టింది. అది కూడా ఒక్కసారిగా చెప్పలేదు. ఒక సిగ్నలు దగ్గర మొదలుపెట్టేది, పచ్చదీపం పడగానే ఆపేసేది. మర్నాడు ఎక్కడ ఆపిందో అక్కడినుంచే అందుకునేది.

ఆమె భర్త దర్జీ. మేడమెట్ల కింద ఇరుకు గదిలో ఆయన మిషను. భార్య కారు నడిపి సంపాదిస్తుంది, మొగుడికి కారెక్కితే కడుపులో తిప్పుతుంది. వీధిలో ఇది అందరికీ వేళాకోళం.

"దర్జీగారూ, ఎవరు నడిపినా తిప్పుతుందా, మీ ఆవిడ నడిపితేనే తిప్పుతుందా?"

"ఇంట్లో ఉన్నా తిప్పుతోందండీ. అందుకే తేల్చుకోలేకపోతున్నాను," అనేవాడట ఆయన, నోట్లో దారం తియ్యకుండానే.

ఆయన రోగానికి మందు ఒకటే, బెత్తెడు గాలి. అద్దం బెత్తెడు దించి, నాలుగు వేళ్ళు దాని అంచు మీద వేసుకుని, గుడ్డ అంచు పట్టుకున్నట్టు పట్టుకుని కూర్చునేవాడు. అంతకంటే ఎక్కువ దిగితే చెవిపోటు, తక్కువైతే వాంతి. పాత కారుకి చేత్తో తిప్పే పిడి ఉండేది కాబట్టి గొడవ లేదు. ఎక్కడ కావాలంటే అద్దం అక్కడ ఆగేది.

కొత్త కారుకి పిడి లేదు, స్విచ్చి ఉంది. నొక్కితే అద్దం దిగుతుంది, లాగితే ఎక్కుతుంది. దాన్ని మెత్తగా నొక్కితే నొక్కినంతసేపే అద్దం కదులుతుంది. కొంచెం గట్టిగా నొక్కితే టక్కుమని చప్పుడై, వేలు తీసేసినా సరే, అద్దం చివరిదాకా పోయి గానీ ఆగదు. జీవితమంతా పెద్ద కత్తెర పట్టిన చెయ్యి ఆయనది. మెత్తగా నొక్కడం దానికి చేతకాలేదు. నొక్కగానే అద్దం మొత్తం తలుపులోకి దూకేది, గాలి మొహాన కొట్టేది.

"ఆపవే! ఆపు! అదెక్కడికి పోతోంది?"

"సూదిలో దారం ఎక్కించే వేలు, స్విచ్చి దగ్గరికి వచ్చేసరికి సుత్తి అయిపోయిందేంటండీ?"

"దారం నేనెక్కడ ఆగమంటే అక్కడ ఆగుతుంది. ఇది నీలాంటిది. ఒక్క మాట అంటే చాలు, చివరిదాకా పోతే గానీ ఊరుకోదు."

అలా ఒకరినొకరు దెప్పుకుని, చివరికి పందెం కట్టుకున్నారు. ఆయన ఈ స్విచ్చి నేర్చుకుంటే పొద్దుటి టీ ఆవిడ పెట్టాలి. నేర్చుకోలేకపోతే ఆయన పెట్టాలి. కొన్నాళ్ళు ఆయనే పెట్టాడు. ఆ టీ ఎలా ఉండేదని అడిగితే, "మిషనుకి వేసే నూనె నయం," అంది అక్క.

ఒకరోజు కారెక్కి కూర్చుని, అద్దం మొత్తం దించేసి, మళ్ళీ ఒక్కసారి స్విచ్చి లాగి వదిలేశాడట. ఆవిడ రోడ్డు మీదినుంచి చూపు తిప్పేసరికి అద్దం సరిగ్గా బెత్తెడు సందు వదిలి నిలబడి ఉంది. ఆయన వేళ్ళు అంచు మీద ఉన్నాయి.

"ఎలా వచ్చింది?"

"వేలికి తెలివి ఉండాలి."

ఆ రోజునుంచీ ఒక్కసారి కూడా గురి తప్పలేదు. పొద్దుటి టీ ఆవిడ వంతు అయింది.

చివరిరోజు పొద్దున ఛాతీలో బరువుగా ఉందన్నాడు. సీటు వెనక్కి వాల్చి కూర్చోబెట్టింది. అంత బాధలోనూ తన బెత్తెడు తను పెట్టుకున్నాడు. "నెమ్మదిగా పోనీవే, తొందరేం లేదు," అన్నాడు. అవే ఆయన చివరి మాటలు. ఆసుపత్రి ముందు ఇద్దరు మనుషులు వచ్చి తలుపు తీసి దింపుతుంటే, ఆయన వేళ్ళు అద్దం అంచు మీదినుంచి ఒక్కొక్కటిగా జారాయి. ఆమె ఆ వేళ్ళనే చూసింది గానీ మొహం చూడలేదు. చూసుకోవాల్సిందని ఇప్పటికీ అంటుంది.

సాయంత్రం ఒక్కతే కారు దగ్గరికి వచ్చింది. తాళం వెయ్యాలంటే ఆ అద్దం ఎక్కించాలి. తన వైపు నుంచే స్విచ్చి లాగింది. అద్దం పైకి వెళ్ళింది. ఇంక మూసుకుంటుందనగా ఏదో తగిలినట్టు క్షణం ఆగి, బెత్తెడు కిందికి దిగి నిలిచిపోయింది.

కారు అమ్మినవాడు మొదటిరోజే చెప్పాడామెకు. అద్దం ఎక్కుతున్నప్పుడు ఎవరి వేలైనా అడ్డం వస్తే, దానికి తెలుస్తుంది, వెనక్కి దిగుతుంది అని.

ఇంకోసారి లాగింది. అలాగే దిగింది. మూడోసారీ అంతే.

"మళ్ళీ లాగలేదు తమ్ముడూ. ఆయనకి నొప్పెడుతుందేమో అనిపించింది."

ఆ తర్వాత ఆ స్విచ్చి ముట్టుకోలేదు. కారు మలుపు తిరిగినప్పుడల్లా ఆ సందులోంచి గాలి సన్నగా ఈల వేసేది. కుట్టు కుదరనప్పుడు ఆయన పళ్ళమధ్యనుంచి అలాగే ఊదేవాడట. ఒక వానరోజు నీళ్ళోడుతున్న తువ్వాలు ఆ సీటు మీద పెడితే, మనిషి కూర్చున్నాడు, బెల్టు పెట్టుకోలేదని కారు ఒకటే మొత్తుకోవడం మొదలుపెట్టింది. ఆమె కారు పక్కకి ఆపి, ఆ ఖాళీ సీటుకి బెల్టు పెట్టింది. మొత్తుకోవడం ఆగింది. ఆ బెల్టు మళ్ళీ తియ్యలేదు.

"భయం వెయ్యలేదా అక్కా?"

"వేసింది. ఆ అద్దం మూసుకుపోతుందేమో అన్నది అంతకంటే పెద్ద భయం."

ఈలోగా బేరాలు తగ్గాయి. దగ్గు ఉన్నవాళ్ళు మానేశారు. తడిసినవాళ్ళు మానేశారు. వెనకాల నేనొక్కణ్ణే మిగిలిన రోజులు కూడా ఉన్నాయి. అయినా మేస్త్రీ దగ్గరికి మాత్రం వెళ్ళలేదు. అద్దం బాగుచేయించడమంటే ఆయన చెయ్యి లాగెయ్యడమే అని ఆమె లెక్క.

అలా ఎంతకాలం నడిచేదో గానీ, ఆయన చెల్లెలి మోకాలికి ఆపరేషను అయింది. వాన పడుతున్న ఒక పొద్దున ఆవిడ చేతికర్ర పట్టుకుని, వదినతో కారు దాకా వచ్చింది. అప్పటికే నేను వెనక కూర్చుని ఉన్నాను.

"వెనక ఈ కాలు పట్టదు వదినా, ముందు కూర్చుంటా."

"వేరే బండి పిలుస్తానుండు."

"ఏం, మా అన్న సీట్లో నేను కూర్చోకూడదా? చిన్నప్పుడు వాడి నెత్తినెక్కి కూర్చున్నదాన్ని." బెల్టు తీసేసి, కాలు జాపుకుని కూర్చుంది. కారు వీధి దాటకముందే ఆవిడ భుజం తడిసిపోయింది. "అద్దం వెయ్యి వదినా, ఇంట్లో స్నానం చేసే వచ్చాను."

అక్క రోడ్డు మీదినుంచి చూపు తిప్పలేదు. చెల్లెలే స్విచ్చి లాగింది. అద్దం పైకి వెళ్ళింది, తగిలింది, దిగింది. మళ్ళీ లాగింది.

"లాగకే! నొప్పెడుతుంది!" అని అరిచింది అక్క, కారు పక్కకి ఆపేసి.

"ఎవరికి?"

అక్క ఆ సందు వైపు చూసింది.

చెల్లెలు కూడా అటు చూసింది. మెల్లిగా తన చెయ్యి అక్కడినుంచి తీసేసుకుంది. "అన్నయ్యకా?" అంది. అక్క తల ఊపింది.

చెల్లెలు కొంగుతో మొహం మీది నీళ్ళు తుడుచుకుంది. అందులో వాన ఎంతో నాకు తెలియదు.

"మా అన్నయ్యే అయితే, వానలో నన్నిలా తడవనిస్తాడా వదినా? పద, మేస్త్రీ దగ్గరికి పద."

కార్ల కరెంటు పనులు చేసే మేస్త్రీ షెడ్డులో కారు పెట్టించుకుని, టార్చి వేసి, అద్దం వచ్చి దూరే రబ్బరు గాడి వెంట వేలు పోనిచ్చాడు. పైన మూల దగ్గర వేలు ఆగింది. గోటితో ఏదో లాగి అరచేతిలో పెట్టుకుని చూశాడు.

"ఇది మా పని కాదక్కా. కుట్టుపని."

చిటికెన వేలంత నల్లటి గుడ్డముక్క. కోటు లోపలి గుడ్డని మడతలు మడతలుగా పెట్టి, గట్టిగా, దగ్గరదగ్గరగా కుట్టి ఉంది. రబ్బరులో కలిసిపోయే నలుపు. పట్టుకుని లాగడానికి ఒక చివర గుండీ తగిలించే కాజా లాంటి దారపు ఉచ్చు.

"అద్దం దీనికి తగిలి, వేలనుకుని దిగుతోంది," అన్నాడు మేస్త్రీ.

అక్క ఆ ఉచ్చుని తడిమి చూసింది. ఆ కుట్టు ఎవరిదో ఆమెకు వేరే చెప్పాలా? ముందు నవ్వింది. "దొంగ! వేలికి తెలివి ఉండాలట! ఎక్కగానే ఇది దూర్చడం, దిగేటప్పుడు లాగేసుకుని జేబులో వేసుకోవడం. నా చేత అన్ని టీలు పెట్టించాడే!" చెల్లెలు కూడా నవ్వింది. అక్క నవ్వు మధ్యలో తెగిపోయింది. "ఆ రోజు తీసుకోలేకపోయాడు," అంది.

"మళ్ళీ పెట్టెయ్యమంటావా అక్కా?" అని అడిగాడు మేస్త్రీ. వేళాకోళానికి కాదు, నిజంగానే అడిగాడు.

ఆమె ఆడపడుచు తడిసిన భుజం చూసింది. "వద్దు."

మేస్త్రీ స్విచ్చి లాగాడు. అద్దం పైదాకా వెళ్ళి మూసుకుంది. వాన చప్పుడు ఎక్కడో దూరానికి జరిగిపోయినట్టయింది. తిరుగుదారిలో మలుపులు వచ్చాయి, ఈల మాత్రం రాలేదు. ఆ కారులో అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు.

"వెళ్ళిపోయాడు," అంది అక్క, ఒక మలుపు దగ్గర. చెల్లెలు స్టీరింగు మీదున్న ఆమె చెయ్యి మీద చెయ్యి వేసింది.

ఇప్పుడు ముందు సీటులో ఎవరైనా కూర్చుంటున్నారు. మానేసినవాళ్ళు కొందరు తిరిగొచ్చారు. ఆ గుడ్డముక్క ఎక్కడ దాచుకుందో నేనడగలేదు. మొన్న సాయంత్రం నేనే ముందు కూర్చున్నాను. నన్ను దింపాక, గొడుగు మరిచిపోయానని వెనక్కి వెళ్ళేసరికి అద్దాలు ఎక్కిస్తోంది. తన వైపునుంచి స్విచ్చి ఒక్కసారి లాగి వదిలేసింది. ఇక పట్టుకుని ఉండక్కర్లేదు కదా, చెయ్యి ఖాళీ. పక్కకి ఒరిగి, పైకి వస్తున్న అద్దం అంచు మీద నాలుగు వేళ్ళూ వేసింది.

"అక్కా!" అన్నాను.

అద్దం వచ్చి వేళ్ళకు తగిలింది. క్షణం ఆగి బెత్తెడు దిగింది.

"నొప్పెట్టదు తమ్ముడూ," అంది వేళ్ళు చూసుకుంటూ. "ఇన్నాళ్ళూ అదే నా భయం."