పొరుగింటి నిప్పు

మొన్న మా కోడలు ఇంటి ఖర్చులు తగ్గించాలని కూర్చుని, గ్యాసు బండ ఇంకొన్నాళ్ళు ఎలా సరిపెట్టాలా అని తల పట్టుకుని, చివరికి నావైపు తిరిగి, "మీ కాలంలోలాగ బతికేత్తే ఏ బాధా ఉండదు కదేటి అత్తా" అంది. అనకాపల్లిలో మూడో అంతస్తులో, తలుపు గడియ పెట్టుకుని కూర్చుని అన్న మాట అది. నవ్వొచ్చింది, ఆ వెనకే ఇది రాయడానికి కూర్చున్నాను. నాకు అక్షరాలొచ్చింది మనవలు పుట్టేక, అంచేత మాట చుట్టూ తిప్పి రాయడం చేతకాదు. నా ఈడువాళ్ళు ఎలాగూ ఎరుగుదురు, ఉన్నదున్నట్టు చెబుతాను.

రోలుగుంట వైపు నేను కాపురానికెళ్ళిన ఊళ్ళో అగ్గిపెట్టె లేకపోలేదు గానీ, పుల్ల గీయడం దుబారా కింద లెక్క. సాయంత్రం ఏదో ఒక ఇంట పొయ్యి రాజుకుంటే మిగతా ఆడవాళ్ళం పిడక ముక్క పట్టుకెళ్ళి, దాని కొసకి నిప్పంటించుకుని, గాలికి అరచెయ్యి అడ్డుపెట్టి పరుగులాంటి నడకతో తెచ్చుకునేవాళ్ళం. ఎవరింట ఏం కూర, ఎవరికి జ్వరం, ఎవరి ఆవు ఈనింది, అన్నీ ఆ నిప్పుతోపాటే వచ్చేవి. బెల్లం వండే రోజుల్లోనైతే సగం ఇళ్ళలో పొయ్యే వెలిగేది కాదు. చెరకు రసం మరిగే పెనంలోకి చిలకడదుంపలు గుడ్డమూట కట్టి దింపితే అదే ఆ పూట తిండి.

ఒక ఏడు మా అత్తకీ పక్కింటావిడకీ పొలానికి నీళ్ళు కట్టే దగ్గర తగువై, వీధి దద్దరిల్లేలా తిట్టుకున్నారు. ఇక వాళ్ళింటి నిప్పు మన గడప తొక్కకూడదని మా అత్త ఆన పెట్టింది. సరిగ్గా అప్పుడే నాకు రెండో కాన్పు, బిడ్డ పుట్టిన మూడోనాడు పెద్దవాన. ఇల్లంతా కారి పొయ్యి చల్లారిపోయింది, అగ్గిపుల్ల గీస్తే మందు మెత్తగా ఊడొస్తోంది, మా ఆయన గట్టు తెగిందని పొలానికి పోయేడు. ఇప్పుడీ కోడలికి మొగుడైనవాడు అప్పుడు నా ఒళ్ళో కాళ్ళూ చేతులూ చల్లబడిపోయి, ఏడవడానికి కూడా ఓపిక లేక మూలుగుతున్నాడు. ఆ వానలో నిప్పు ఆరకుండా తేగల దూరం పక్కిల్లొక్కటే, పోయి తెమ్మని నేను ఏడుస్తుంటే, మా అత్త ఒక కాలు గడప బయటా ఒక కాలు లోపలా పెట్టి, పంతం చంపుకోలేక అలాగే నిలబడిపోయింది.

అంతలో నెత్తిన గోనెసంచి కప్పుకుని, చట్టిలో నిప్పులు పోసి పైన మూకుడు బోర్లించి, పక్కింటావిడే వచ్చింది.

"ఏటే వదినా, పొద్దుట్నించి మీ ఇంటి మీద పొగ నేదు. బాలింత ఉన్న ఇంట్లో పొయ్యి ఎలగదేటి?"

"నిన్నెవులు పిలిసేరు?" అంది మా అత్త.

"నువ్వు పిలిత్తే నానొత్తానేటి? నా తగువు నీతోటి, నీ పొయ్యితోటి కాదు. అడ్డు లెగు. వానెలిసేక తిట్టుకుందాం."

అన్న మాట తప్పలేదు. వాన వెలిసిన మర్నాడే ఇద్దరూ వీధిలో నిలబడి మళ్ళీ అందుకున్నారు. కుంపటి పక్కన బిడ్డకి పాలిస్తూ, ఆ తిట్లు వింటూనే నేను నిద్రపోయేను. అంత నిశ్చింతైన నిద్ర మళ్ళీ ఎరగను.

మా కోడలు ఫ్యాను ఒకటి ఆపుదాం, కూర ఒకటి తగ్గిద్దాం అంటోంది. అలాగే చేద్దాం. కానీ ఆ పొదుపు ఒక్క ఇంటివల్ల అయ్యేది కాదని పిల్లకి ఎలా చెప్పను? ఒక్క పుల్లతో వీధి వీధంతా వండుకు తిన్నాం. ఆ కారే కప్పు కిందికి మళ్ళీ పొమ్మంటే నేను పోను, లేమి మీద నాకేం మోజు లేదు. ఆ రాకపోకల మీదే బెంగ.

ఇక్కడ మా ఎదురు తలుపువాళ్ళు మర్యాదస్తులు. మెట్ల మీద కనబడితే నవ్వుతారు, మేమూ నవ్వుతాం. మా పొయ్యి వెలిగిందో లేదో వాళ్ళకి తెలీదు, వాళ్ళది మాకు తెలీదు. వాళ్ళతో మాకు ఏ తగువూ లేదు.