కదలకుండా కూర్చోవడానికి కొల్లేరు వెళ్ళాను

విశ్రాంతికని కొల్లేరు వెళుతున్నానంటే మా తాడేపల్లిగూడెంలో నవ్వనివారు లేరు. విశ్రాంతి కావాలంటే కొండలకో సముద్రతీరానికో వెళతారు గాని, దోమలకూ బురదకూ పేరుపడ్డ చోటికి ఎవరైనా వెళతారా అని. నేను ఇక్కడి మిషను ఆడపిల్లల బోర్డింగులో మేట్రన్ని. పిల్లలకు వండించడం, తలలు దువ్వించడం, జ్వరమొస్తే పక్కన కూర్చోవడం, రెండు పూటలా ప్రార్థన చేయించడం నా పని. ఈ వానాకాలంలో తొమ్మిదేళ్ళ పిల్ల ఒకతె విషజ్వరంతో నా చేతుల్లోనే పోయింది. నేను ఏడవలేదు. ఇంకా ఎక్కువ పని నెత్తినేసుకున్నాను. కాని ప్రార్థనకు మోకరిస్తే నోరు మాటలు పలికేది, లోపల ఏమీ ఉండేది కాదు. దేవుడితో మాట్లాడలేనిదాన్ని పిల్లలచేత ప్రార్థన చేయించడం మోసమనిపించి, పని మానేస్తానని బోర్డింగు నడిపే మా దొరసానిగారితో చెప్పేశాను. ఆవిడ కాదనలేదు. "వారం రోజులు ఎక్కడికైనా వెళ్ళి రండి. వచ్చాక కూడా ఇదే మాట చెబితే ఒప్పుకుంటాను" అన్నారు.

మా దగ్గర చదువుకున్న రత్నమ్మ ఇప్పుడు కొల్లేటి నడుమ ఒక లంకలో, అంటే చుట్టూ నీళ్ళున్న మెరక ఊళ్ళో, బడి నడుపుతోంది. ఎప్పటినుంచో రమ్మంటోంది. నవంబరులో వానలు తెరిపిచ్చాక పొద్దుటి పాసెంజరు ఎక్కాను. మూడో తరగతిలో కిటికీ పక్క చోటు దొరికితే అదృష్టమే. ఉంగుటూరు దాటినప్పటినుంచి పట్టాలకు రెండు పక్కలా పండి వంగిన వరి, మధ్యమధ్య కాలవలు. బండి పొలంలోంచే పోతోందా అనిపించింది. తొమ్మిది గంటలకల్లా ఏలూరులో దిగాను. స్టేషను బయట జట్కావాడు రేవుదాకా రూపాయి అడిగి, పన్నెండణాలకు దిగాడు. తివాచీలు నేసేవారి వీధిలో రంగు వేసిన ఉన్ని దారపు కట్టలు ఎండలో వేలాడుతున్నాయి. వాటికోసమైనా అక్కడ కాసేపు ఆగాలి.

"కొల్లేరెందుకండీ, చేపలకాండీ?" అన్నాడు జట్కావాడు.

"కాదయ్యా, విశ్రాంతికి."

గుర్రాన్ని అదిలించి వెనక్కి తిరిగాడు. "మీ ఇంట్లో ఎవరితోనన్నా మాటామాటా వచ్చిందాండీ?"

ఆలోచిస్తే అతను అడిగినదాంట్లో తప్పేమీ లేదు.

రోడ్డు గతుకులు భరించి రేవు చేరాక మాత్రం అన్నీ మరచిపోయాను. అంత నీటిని నేనెన్నడూ చూడలేదు. గాలిలేని మధ్యాహ్నం, కనుచూపు మేర నీరు, తామరాకులు, తుంగ. గూడబాతులు ఊరి పెద్దల్లా బారుగా కూర్చున్నాయి. మా పడవ దగ్గరికొచ్చినా వాటికి లెక్కలేదు. రేవులో పడవ మధ్యాహ్నం ఒక్కసారే బయలుదేరుతుంది, అది తప్పితే మర్నాటిదాకా ఆగవలసిందే. రెండు గంటల ప్రయాణంలో ఒక్కసారి కూడా ఎవరికీ ఏ పనీ చెప్పలేదు నేను. నాకే ఆశ్చర్యమేసింది.

ఆ ఆశ్చర్యం లంకలో దిగేదాకానే. రత్నమ్మ ఇంట్లో అడుగుపెట్టిన గంటకు చీపురు నా చేతిలో ఉంది. అది లాక్కుంటే గిన్నెలు తోమాను. కొరమేను పులుసు పొయ్యిమీద ఉడుకుతుంటే రుచి చూసి, ఇంకాస్త చింతపండు పిసికాను. భోజనాల దగ్గర ఒక్కరూ వంక పెట్టలేదు. ఆ ప్రాంతపు మర్యాద అలాంటిది. రత్నమ్మ భర్త ఆ పుల్లటి పులుసు మళ్ళీ వడ్డించుకుని, "చాలా బాగుందండీ" అని మంచినీళ్ళు రెండు చెంబులు తాగాడు.

మర్నాడు తెల్లవారగానే రత్నమ్మ నన్ను పక్కింటి వెంకన్నతాతకు అప్పజెప్పింది. ఆయన చేపలు పట్టేవాడు. "తాతా, అమ్మగార్ని నీతో తీసుకుపో. ఇంట్లో ఉంటే కూర్చోరు" అంది.

తాటి మొద్దును తొలిచి చేసిన దోనె అది. వెడల్పు సరిగ్గా నా అంత. నేనేమీ సన్నటిదాన్ని కానని చదువరులు గ్రహించాలి.

"మధ్యలో కూర్చోండమ్మగారూ. కూర్చున్నాక ఇంక కదలకండి" అన్నాడు తాత.

"ఎంతసేపూ?"

"మావులన్నీ తీసేదాకానండీ."

మావులంటే చేపలకోసం నీళ్ళలో పెట్టే వెదురు బుట్టలు. మొదటి మావు ఆయన ఎత్తుతుంటే బరువుగా ఉందనిపించి చెయ్యి వేశాను. దోనె ఒక పక్కకు ఒరిగి, చల్లటి నీళ్ళు నా ఒళ్ళోకి వచ్చాయి.

"అమ్మగారండీ" అన్నాడు తాత ఎంతో నెమ్మదిగా, "మీరు సాయం చెయ్యకండి."

నాతో ఆ మాట అంతవరకు ఎవరూ అనలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను. తాత గెడ వేస్తున్నాడు. మంచు పలచబడి తుంగ పచ్చగా బయటపడుతోంది. ఎంత అందమైన పొద్దు! చేయడానికి ఏమీ లేక నా ఖాళీ చేతులు చూసుకున్నాను. ఆ పిల్ల తల బరువెక్కింది ఈ చేతుల్లోనే. ఇన్నాళ్ళూ వాటిని ఖాళీగా ఉంచకపోవడం అందుకేనని అప్పుడు అర్థమై, వెక్కివెక్కి ఏడుపొచ్చింది. దోనె ఊగసాగింది.

తాత గెడ ఆపాడు. "ఎవరికోసమమ్మా?"

"సుగుణ. మా బోర్డింగు పిల్ల."

"ఏడవండమ్మా. దోనె కదలకుండా మాత్రం ఏడవండి."

ఏడుస్తూనే నవ్వాను. నవ్వితే ఇంకా ఊగింది. కాసేపటికి తాతే అన్నాడు: "మా చిన్నోడు పోయినప్పుడు పెద్దింట్లమ్మను తిట్టానండీ. నోటికొచ్చినట్టు తిట్టాను."

"అమ్మవారు ఏమందీ?"

"ఏమీ అనలేదండీ. నేను మాత్రం గుడికెళ్ళడం మానలేదండీ."

ఆయన గెడ అందుకున్నాడు. నేను మనసులో దేవుణ్ణి అడిగాను, ఆ పిల్లను ఎందుకు తీసుకుపోయావని. అడగడానికి భయపడి ఇన్నాళ్ళూ దాచుకున్న మాట అది. జవాబు రాలేదు. కాని వినేవాడు లేడనుకుంటే నేను అడిగేదాన్నే కాను. ఆ సంగతి తెలిసి ప్రాణం కుదుటపడింది.

మిగిలిన రోజులన్నీ పొద్దున్నే దోనెలో కూర్చున్నాను. కొల్లేరు వెళ్ళాలనుకునే సోదరీమణులకు నా సలహా ఒక్కటే: అల్లికపని, పుస్తకం, ఏదీ వెంట తీసుకెళ్ళకండి. పని చేయగా వచ్చే అలసట ఉంటుంది, పని వెనక దాక్కునే దుఃఖమూ ఉంటుంది. రెండోదానికి ఆ నీళ్ళమీద ఊరికే కూర్చోవడం కంటే మంచి మందు నాకు తెలియదు. నేను తిరిగివచ్చేసరికి సాయంత్రం ప్రార్థన గంట కొడుతున్నారు. దొరసానిగారు గుమ్మంలో నిలబడి నా ముఖం చూసి, పక్కకు జరిగి దారిచ్చారు. నేను లోపలికి వెళ్ళి పిల్లల మధ్య మోకరించి, సుగుణ పేరు పైకి చెప్పి ప్రార్థన చేశాను. ఆ పిల్ల పోయిన తరువాత మా బోర్డింగులో ఎవరూ పలకని పేరది. ముందు వరసలో ఒక పిల్ల వెక్కింది, తరువాత ఇంకొకతె, తరువాత అందరూ. నేను ఏడవకపోవడం చూసి ఇన్నాళ్ళూ వాళ్ళంతా ఏడుపు బిగబట్టుకుని ఉన్నారు.