ఈనిడ్ గారికి అభ్యంతరం ఉంది

క్వారీ వీధిలో ఎవరు ఇటుక మీద ఇటుక పెట్టినా మిస్ ఈనిడ్ టాటర్సాల్ గారికి అభ్యంతరం. కొందరికి ఉబ్బసం ఉంటుంది, కొందరికి మోకాళ్ళ నొప్పులుంటాయి, ఆవిడకు అభ్యంతరం ఉండేది. వెనక వంటగది పెంచుతామన్నా, అటక మీద గది వేస్తామన్నా, ఉన్న కిటికీని రెండు జానలు పక్కకు జరుపుతామన్నా ఒకటే. థార్న్‌షా కౌన్సిల్ మనిషి దీపస్తంభానికి పసుపుపచ్చ నోటీసు కట్టి సైకిలెక్కేలోపు ఆవిడ కళ్ళజోడు తుడుచుకుంటూ దాని ముందు ప్రత్యక్షమయ్యేవారు. అభ్యంతరాలున్నవారు ఇరవై ఒక్క రోజుల్లో తెలపవచ్చునని అందులో ఉంటుంది. ఆ ముక్కను పెళ్ళిపిలుపులా అందుకున్న మనిషి ఊరు మొత్తంలో ఆవిడొక్కరే.

నిబంధనలు తెలియక ఆ ఊళ్ళో ఎవరూ చెడలేదు, తెలుసుకోబోయి చెడినవాళ్ళే ఎక్కువ. ఇల్లు వెనక్కి ఇన్ని అడుగులు పెంచితే ఎవర్నీ అడగక్కర్లేదు, దాని మీద జానెడు మించితే అడగాలి. పక్కకైతే ఒక లెక్క, పైకైతే ఇంకో లెక్క. కంచె వీధివైపు నడుమెత్తు దాటకూడదు, పెరటివైపు మనిషెత్తు దాటకూడదు. కొత్త ఇటుక పాత ఇటుకను పోలి ఉండాలి. పాత ఇటుకేమో వందేళ్ళ బొగ్గుపొగ తాగి నల్లబడింది, నిన్న బట్టీలోంచి వచ్చినదానికి ఆ అలవాటు ఎక్కణ్ణుంచి వస్తుంది? ఇవన్నీ ఈనిడ్ గారికి కంఠతా వచ్చు. చేతిసంచీలో అందరు ఆడవాళ్ళూ రుమాలు పెట్టుకునే చోట ఆవిడ కొలత టేపు పెట్టుకునేవారు.

వానకు తడవకుండా గుమ్మం ముందు చిన్న పోర్టికో వేయించుకుంటానని పాస్టరుగారు దరఖాస్తు పెడితే, ఆవిడ మూడు పేజీల అభ్యంతరం పంపారు. ఆ ఆదివారం మొదటి బల్ల మీదే కూర్చుని, అందరికంటే గట్టిగా కీర్తనలు పాడారు. పాస్టరుగారు ఆ రోజు క్షమాగుణం గురించి ప్రసంగించారు, ఎవరి వైపూ చూడకుండా. క్లెగ్ అనే ఆయన పావురాలకు పెద్ద గూడు కట్టబోతే అభ్యంతరం. చివరికి కౌన్సిలే తన ఆఫీసు వెనక సైకిళ్ళకు షెడ్డు వేసుకోబోతే దానికీ అభ్యంతరం.

అన్నిటికంటే ఘనమైనది ఆవిడ సొంత పోర్టికో వ్యవహారం. తన గుమ్మానికి తనే దరఖాస్తు పెట్టి, పదకొండో రోజున దాని మీద తనే అభ్యంతరం రాశారు. ‘దరఖాస్తుదారు ఇరుగుపొరుగు గురించి ఆలోచించినట్టు లేదు’ అని అందులో మందలింపు కూడా ఉంది. దరఖాస్తు పెట్టిన మిస్ టాటర్సాల్, అభ్యంతరం చెప్పిన మిస్ టాటర్సాల్ ఒకరేనా అని ఆఫీసువాళ్ళు ఫోన్ చేశారట.

“ఒకరే. అయితే నాకు మాత్రం మినహాయింపు ఇవ్వాలా?” అన్నారట ఆవిడ.

ఆ పోర్టికో నాలుగంగుళాలు తగ్గి మంజూరైంది. పాస్టరుగారిదీ లేచింది, క్లెగ్ పావురాలూ గూడెక్కాయి. ఈవిడ రాతలను కౌన్సిల్ ఏపాటి లెక్కచేస్తుందో చూడండని వీధంతా నవ్వుకుంది.

ఆవిడకు సరిగ్గా ఎదురింట్లో క్లిఫర్డ్ ఎంట్విసిల్ ఉండేవాడు. క్లిఫర్డ్‌ను పరిచయం చేయడం ఇతరుల పని కాదు, ఆ శ్రమ ఆయనే పడేవాడు. పల్లెటూరి బడిలో, నాలుగు తరగతులూ ఒకే గదిలో కూర్చునే చోట, పద్నాలుగేళ్ళొచ్చేదాకా చదివి పదహారో ఎక్కం దాకా తప్పులేకుండా అప్పజెప్పినవాడు. ముప్పై ఒక్క ఏళ్ళు బస్సు నడిపి దాని ఒంటి మీద ఒక్క గీత పడనివ్వనివాడు. లీకులనే చెయ్యిలావు ఉల్లికాడలు పెంచి పోటీల్లో మూడు కప్పులు కొట్టినవాడు. అరవైమూడు నాటి మంచులో మిగతా డ్రైవర్లు బస్సులు వదిలేసి నడిచిపోతే, ఎనిమిదిమంది ప్రయాణికులనీ ఒక మేకనీ భద్రంగా ఊరు చేర్చినవాడు. మేక ఎవరిదని అడిగితే ఇంకో అరగంట పట్టేది కనుక ఎవరూ అడిగేవారు కాదు.

అంతటి మనిషికీ ఆ ఏడాది జనవరిలో చుక్కెదురైంది. ఆయన భార్య మేవిస్ మెట్ల మీద జారి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ అయింది, నడక చట్రం పట్టుకుని నాలుగడుగులు వేస్తోంది, కానీ మెట్లు ఎక్కకూడదన్నారు. ఇంట్లో పడకగది పైన, స్నానాలగది పైన. కింద ఉన్నది ముందుగది, వంటిల్లు, మూడు కప్పులు. అందుకని మేవిస్‌ను మోర్‌కాంబ్‌లో ఉన్న చెల్లెలు హిల్డా ఇంట్లో దింపారు. ఎన్నాళ్ళైనా ఉండనీ అని హిల్డా అనేది, అని గోడమీది క్యాలెండరు వంక చూసేది. సెప్టెంబరు తర్వాత తన ఇంట్లో వేరేవాళ్ళు అద్దెకు దిగుతున్నారని, అప్పటికీ కుదరకపోతే మంచి వృద్ధాశ్రమం ఒకటి చూసి ఉంచానని ఫిబ్రవరిలోనే చెప్పేసింది. మేవిస్ ఫోన్లో ఆ ఊసెత్తేది కాదు. పెరట్లో లీకు నారు పోశావా అని మాత్రం అడిగేది. నలభై ఆరేళ్ళలో ఎన్నడూ లీకుల సంగతి అడగని మనిషి అలా అడిగేసరికి క్లిఫర్డ్ ఫోన్ పెట్టి పెరట్లోకి వెళ్ళి నిలబడ్డాడు.

ఇంటి వెనక కిందనే ఒక గది, స్నానాలగది కట్టాలని నిశ్చయించాడు. ప్లాన్లు గీసే రోలండ్ డక్‌వర్త్‌ను పిలిచాడు. క్వారీ వీధిలో లేచిన ప్రతి గోడా డక్‌వర్త్ గీసినదే. పదకొండేళ్ళుగా తన ప్లాను ఒక్కటీ తిరిగి రాలేదని అతను గొప్పగా చెప్పుకునేవాడు. మొదట గీసినది కాస్త దిద్దాల్సి వచ్చేది గాని, దిద్దాక తిరుగులేదట. అతను టీ తాగుతూ అరగంటలో ప్లాను గీసేశాడు. వెనక్కి పదిహేను అడుగుల గది.

పక్కింటివాడు, అదే పావురాల క్లెగ్, నాకేం ఇబ్బంది లేదని సంతకం చేసిచ్చాడు. ఇక మిగిలింది ఎదురిల్లు. క్లిఫర్డ్ తన మళ్ళలోకెల్లా లావైన లీకులు మూడు పెరికి, కడిగి, కాగితం చుట్టి, ఎప్పుడో బస్సు కంపెనీ సన్మానానికి కట్టుకున్న టై కట్టుకుని రోడ్డు దాటాడు.

“ఇది లంచమా, ఎంట్విసిల్ గారూ?” అన్నారు ఈనిడ్ గారు.

“కాదండీ, కూర.”

“చెప్పండి.”

“మా నోటీసు రేపు కడతారు. ఈ ఒక్కసారికి మీరేమీ రాయకూడదండీ.”

“ప్లాను చూడకుండానే మాటివ్వమంటారా?”

“చూసినా సరే, చూడకపోయినా సరే. మేవిస్ కోసం అడుగుతున్నాను.”

ఆవిడ లీకుల వంకా ఆయన టై వంకా మార్చి మార్చి చూశారు. “ఒక్క అక్షరం కూడా రాయకూడదా?”

“ఒక్క అక్షరం కూడా.”

“బాగా ఆలోచించుకునే అడుగుతున్నారా?”

“ముప్పై ఒక్క ఏళ్ళు బస్సు నడిపినవాణ్ణండీ. ఎక్కడ తిప్పాలో, ఎక్కడ ఆపాలో నాకొకరు చెప్పక్కర్లేదు.”

“సరే. మాటంటే మాటే,” అన్నారు ఆవిడ, గెలిచిన మనిషి మీద జాలిపడుతున్నట్టు, తలుపు మెల్లగా మూస్తూ.

నోటీసు కట్టారు. ఈనిడ్ గారు దాని ముందు నిలబడి చదివారు. అటునుంచి అటే కౌన్సిల్ ఆఫీసుకు పోయి ప్లాను చూసొచ్చారని కూడా తెలిసింది. తర్వాత రోజూ పొద్దున్నే కిటికీలో కూర్చుని, దీపస్తంభం వంక చూస్తూ, చేతులు ఒళ్ళో కట్టేసుకున్నట్టు పెట్టుకునేవారు. ఉపవాసమున్నవాళ్ళ ముందు నుంచి పాయసం గిన్నె పోతుంటే ఎలా ఉంటుందో అలా ఉండేది ఆ మొహం. వారం గడిచింది, రెండు వారాలు గడిచాయి. వీధి వీధంతా క్లిఫర్డ్‌ను చూడ్డానికి వచ్చింది. ఆయన తన ఘనతల జాబితాలో మేక తర్వాతి స్థానంలో ఈ విజయాన్ని చేర్చేశాడు.

సంతోషించనివాడు డక్‌వర్త్ ఒక్కడే. రెండు రోజులకోసారి ఫోన్ చేసేవాడు.

“పెద్దాయనా, ఎదురింటావిడ దగ్గర్నుంచి ఉత్తరం పడిందా?”

“పడదయ్యా. నేను మాట తీసుకున్నాను.”

“ఎంత పని చేశావు పెద్దాయనా,” అని పెట్టేశాడు. అది మెచ్చుకోలనుకున్నాడు క్లిఫర్డ్.

ఏప్రిల్ రెండో వారంలో కౌన్సిల్ జవాబు వచ్చింది. పదిహేడో నంబరు వంటింటి కిటికీ నడిమి నుంచి నలభై ఐదు డిగ్రీల వాలులో గీసిన గీతను ప్రతిపాదిత గోడ దాటుతున్నందున, ఆ ఇంటికి వెలుతురు తగ్గును గనుక, అనుమతి నిరాకరించడమైనది. పదిహేడో నంబరు క్లెగ్‌ది. ఆ కిటికీకి అతను పదేళ్ళుగా పావురాల గింజల డబ్బాలు అడ్డం పేర్చి, వెలుతురు చొరబడకుండా కట్టుదిట్టం చేసుకున్నాడు. అయినా గీత గీతే. కిటికీకి అభ్యంతరం లేదు, క్లెగ్‌కు లేదు, పావురాలకు లేదు. గీతకు ఉంది.

క్లిఫర్డ్ ఆ కాగితం పట్టుకుని డక్‌వర్త్ ఇంటికి వెళ్ళాడు. అతను ముందు తల గోక్కున్నాడు, తర్వాత టీ పోశాడు, ఆ తర్వాత దారిలేక నిజం చెప్పాడు.

“ఉత్తరం రాకపోతే నేనేం చెయ్యను పెద్దాయనా? మొదటి ప్లాను నేనెప్పుడూ ఊరికే అలా గీసి పడేస్తాను. ఎక్కడ తగ్గించాలో, ఎక్కడ వాలు మార్చాలో ఆవిడ రాస్తుంది. ఆ కొలతలు వేసి మళ్ళీ ఇస్తాను. ఆఫీసరు సంతకం పెడతాడు. పదకొండేళ్ళుగా ఇదే.”

అతను బీరువాలోంచి దొంతర తీసి బల్లమీద పెట్టాడు. పాస్టరుగారిది, క్లెగ్‌ది, అందరివీ ఉన్నాయి. అన్నిటికీ మొదటి వాక్యం ఒకటే: ‘నేను ఈ ప్రతిపాదనకు తీవ్రమైన అభ్యంతరం తెలుపుతున్నాను.’ వీధిలో ప్రతివాడూ కౌన్సిల్ పంపే నకలు అందగానే ఆ వాక్యం దాకా చదివి, పళ్ళు కొరికి, పొయ్యిలో వేసినవాడే. రెండో పేజీ తిప్పిన మహానుభావుడు డక్‌వర్త్ ఒక్కడు. తిప్పి, ఫీజు తను తీసుకున్నాడు.

పదహారో ఎక్కం వచ్చిన క్లిఫర్డ్‌కు ఈ లెక్క తేలడానికి ఇంటికి నడిచినంతసేపు పట్టింది. ఆవిడ అభ్యంతరం చెప్పినవన్నీ లేచాయి. ఆవిడ నోరు మూయించినది ఒక్కటే పడింది. ఆ నోరు మూయించిన ఘనుడు ఎవరయ్యా అంటే, ముప్పై ఒక్క ఏళ్ళు బస్సు నడిపినవాడు.

ఈసారి టై లేదు, లీకులు లేవు. టోపీ చేతిలో పట్టుకుని తలుపు కొట్టాడు.

“ఈనిడ్ గారూ, మీరు అభ్యంతరం చెప్పాలి.”

“మాట తీసుకున్నారుగా.”

“తిరిగి ఇచ్చేస్తున్నానండీ.”

ఆవిడ ఆయన్ని లోపలికి పిలిచి కూర్చోబెట్టి, అల్మారాలోంచి బిస్కెట్ల డబ్బా దించారు. అందులో బిస్కెట్లు లేవు. నాలుగు పేజీల ఉత్తరం, దానికో బొమ్మ, మడతపెట్టి ఉన్నాయి. తేదీ నోటీసు కట్టిన మర్నాటిది.

“రాయనన్నారుగా?”

“పంపలేదుగా. రాయకుండా నిద్ర పట్టాలి కదా,” అన్నారావిడ. తర్వాత కాస్త మెత్తబడి, తన కథ చెప్పారు. ముప్పై నాలుగేళ్ళు అదే కౌన్సిల్లో టైపిస్టు. నిరాకరణ ఉత్తరాలన్నీ ఆవిడ వేళ్ళ మీదుగా పోయినవే. సగానికి సగం ఒక్క అడుగు తగ్గిస్తే గట్టెక్కేవట. ఆ మాట చెప్పే నాథుడు లేడు, టైపిస్టు చెప్పకూడదు.

“మరి బాగుందని రాసి, ఈ నాలుగు ముక్కలూ కింద చేర్చొచ్చు కదండీ? మా చేత ఇన్ని తిట్లెందుకు తినడం?”

“బాగుందని రాస్తే ఎవడూ చదవడండీ, ఫైల్లో పడేస్తారు. అభ్యంతరమంటే ఆఫీసరు చదివి తీరాలి, జవాబు రాసి తీరాలి. అది నిబంధన.”

“పోనీ నాకే నేరుగా చెప్పొచ్చు కదా.”

“చెప్తే వినేవారా?”

క్లిఫర్డ్ నిజాయితీగా ఆలోచించాడు. “వినేవాణ్ణి కాదండీ. మేక సంగతి చెప్పి పంపేసేవాణ్ణి.”

ఉత్తరం అక్కడే కూర్చుని చదివాడు. లోతు పదిహేను అడుగులు కాక పన్నెండు చాలును, క్లెగ్ వైపు మూలను ఏటవాలుగా కోసినచో గీత తగలదు, పోయిన మూడడుగులూ రెండో పక్కనున్న పెరటి షెడ్డు వైపు తీసుకొనవచ్చును. మూడో పేజీలో ప్లానింగుకు సంబంధం లేని అభ్యంతరాలు మొదలయ్యాయి. స్నానాలగది తలుపు లోపలికి తెరుచుకోవడం పట్ల తీవ్ర అభ్యంతరం. మిసెస్ ఎంట్విసిల్ లోపల పడిపోతే తలుపు తెరవడం కుదరదు. కిటికీ ఎత్తు పట్ల అభ్యంతరం. మంచం మీద పడుకున్న మనిషికి పెరడు కనబడదు. అక్కడ కనబడేవి లీకులే గనుక అది అదృష్టమని వాదించవచ్చును, అయినను నిర్ణయం ఆమెకే వదలవలెను.

క్లిఫర్డ్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. కళ్ళజోడు శుభ్రంగానే ఉంది.

డక్‌వర్త్ ఆ కొలతలతో ప్లాను మళ్ళీ గీశాడు, ఈసారి ఫీజు లేకుండా. కొత్త నోటీసు కట్టిన రోజున ఈనిడ్ గారు చలికోటు వేసుకుని వచ్చి, అలవాటు కొద్దీ, దాని మీద మరో అరపేజీ అభ్యంతరం పంపారు. జూన్‌లో మంజూరైంది. సెప్టెంబరు ఇరవైమూడున, హిల్డా క్యాలెండరులో ఇంకా వారం మిగిలి ఉండగానే, మేవిస్ కారు దిగింది.

వీధి వీధంతా గేటు దగ్గర నిలబడింది. మేవిస్ నడక చట్రం ముందుకు జరుపుకుంటూ కొత్త గది గుమ్మం దాకా వచ్చింది. అంతలో జనాన్ని తప్పించుకుని ఈనిడ్ గారు ముందుకొచ్చి, సంచీలోంచి టేపు లాగి, గడప దగ్గర వంగారు.

“దీని మీద నాకు అభ్యంతరం ఉంది. గడప ఎత్తు అరంగుళం ఎక్కువ. చట్రం చక్రం తట్టుకుంటుంది.”

అందరూ నిట్టూర్చారు. క్లిఫర్డ్ మాత్రం భార్యను కుర్చీలో కూర్చోబెట్టి, వడ్రంగి చిత్రిక తెచ్చి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. అక్కడే గడప చెక్కడం మొదలెట్టాడు.

“ఈవిడకు నా మీద ఏమైనా కోపమా?” అని మేవిస్ మెల్లగా అడిగింది.

“ఊరుకో. నువ్వంటే నాలుగు పేజీల ఇష్టం,” అన్నాడు క్లిఫర్డ్, పొట్టు ఊదుతూ.

ఇప్పుడు వాళ్ళ ముందుగదిలో మూడు కప్పుల పక్కన నాలుగోదిగా ఆ ఉత్తరం అద్దం కట్టి ఉంది. ఎవరైనా వస్తే క్లిఫర్డ్ బడి దగ్గర్నుంచి మొదలుపెట్టి, బస్సు, లీకులు, మేక మీదుగా దాని దగ్గరికొచ్చి ఆగుతాడు. ఆ అద్దం చట్రం ఒకవైపు వాలి ఉందని ఈనిడ్ గారు ఇప్పటికి రెండు ఉత్తరాలు రాశారు.